16 గంటల ఎకానమీ సీటు: ఫుల్ రివ్యూ

ఇరవై వేల ఫోన్ కొనాలంటే మనం నాలుగు వీడియోలు చూస్తాం, ప్రాసెసర్ స్కోర్లు పోలుస్తాం, బరువు పది గ్రాములు ఎక్కువున్నా కామెంట్ పెడతాం. అదే అమెరికా టికెట్ దగ్గరికొచ్చేసరికి రెండే ప్రశ్నలు: రేటెంత, లగేజీ ఎన్ని కిలోలు? ఆ తర్వాత 16 గంటలు కూర్చోబోయే సీటు గురించి ఒక్కరూ అడగరు. అందుకే ఈసారి ఫోన్ పక్కనపెట్టి సీటును రివ్యూ చేద్దాం. గల్ఫ్‌లో ఫ్లైట్ మారి డల్లాస్ వెళ్లే రూట్ మనవాళ్లకు బాగా అలవాటే. అందులో రెండో ముక్క ఒక్కటే దాదాపు 16 గంటలు.

బిల్డ్, సైజు

టికెట్‌లో విమానం మోడల్ రాసి ఉంటుంది, అది తప్పకుండా చూడండి. బోయింగ్ 777 ఎకానమీలో చాలా ఎయిర్‌లైన్స్ వరసకు 10 సీట్లు (3-4-3) వేస్తున్నాయి. సీటు వెడల్పు సుమారు 17 అంగుళాలు. ఎయిర్‌బస్ ఏ350లో ఎక్కువగా వరసకు 9 సీట్లు, వెడల్పు దాదాపు 18. ఒక్క అంగుళమే కదా అనిపిస్తుంది గానీ, పక్కవాళ్ల మోచెయ్యి తగలకుండా నిద్రపోవడానికి ఆ అంగుళమే దిక్కు.

ఇంకో స్పెక్ 'పిచ్'. సాధారణంగా 31, 32 అంగుళాలు ఉంటుంది. ఇది కాళ్లు పెట్టుకునే జాగా కాదు. మీ సీటుకీ ముందు సీటుకీ మధ్య దూరాన్ని ఒకే పాయింట్ నుంచి కొలిచిన లెక్క. సీటు మందం కూడా అందులోనే కలిసిపోతుంది.

ఒక సరదా విషయం. ప్రపంచంలోకెల్లా పొడవైన ఫ్లైట్లలో ఒకటైన సింగపూర్–న్యూయార్క్ (15,300 కిలోమీటర్లకు పైనే, 18 గంటలు దాటుతుంది) విమానంలో అసలు ఎకానమీయే లేదు. 67 బిజినెస్, 94 ప్రీమియం ఎకానమీ సీట్లు, అంతే. అలాగని అందరూ అదే దారిలో లేరు. 2018లో మొదలైన పెర్త్–లండన్ రూట్‌లో సుమారు 17 గంటలు ఎకానమీలోనే కూర్చుని వెళ్లేవాళ్లు ఉన్నారు.

గాలి, సౌండ్

విమానం 35 వేల అడుగుల్లో ఎగురుతున్నా లోపల గాలి ఒత్తిడి 8 వేల అడుగుల ఎత్తులో ఉన్నట్టు ఉండొచ్చు. అంటే ఊటీ కంటే కాస్త పైన కూర్చున్నట్టు అన్నమాట. 787, ఏ350 లాంటి కొత్త విమానాల్లో దీన్ని 6 వేల అడుగుల దగ్గరే ఉంచుతారు. పైగా గాలిలో తేమ చాలా తక్కువ, 20 శాతం లోపే. గొంతు ఎండిపోవడం, కడుపు ఉబ్బరం, తలనొప్పి ఊరికే రావు.

ఇంజిన్ హోరు ఒకే తీరుగా వస్తుంది కాబట్టి నాయిస్ క్యాన్సిలింగ్ దానిమీద బాగా పనిచేస్తుంది. పసిపిల్లల ఏడుపు మీద మాత్రం అంతగా పనిచేయదు. చాలా ఇయర్‌బడ్స్ ఒక చార్జ్‌తో ఆరేడు గంటలే వస్తాయి, ఇలాంటి ప్రయాణానికి హెడ్‌ఫోనే మేలు. సీటు స్క్రీన్‌కి బ్లూటూత్ లేకపోవచ్చు. ఒక వైర్ ఇయర్‌ఫోన్ జేబులో పడేసుకోండి.

చార్జింగ్

సీటుకి ఉండే పాత యూఎస్‌బీ పోర్ట్ సాధారణంగా 10 వాట్ల లోపే ఇస్తుంది. మీ 80 వాట్ల ఫోన్‌కి అది చుక్క చుక్కగా నీళ్లు పట్టినట్టే. ప్లగ్ సాకెట్ ఉంటే మీ చార్జరే వాడండి.

పవర్ బ్యాంక్ చెక్-ఇన్ బ్యాగులో అస్సలు పెట్టకూడదు, చేతి బ్యాగులోనే ఉండాలి. లిమిట్ 100 వాట్-అవర్స్. లెక్క సులువే: 20,000 ఎంఏహెచ్‌ని 3.7తో గుణించి వెయ్యితో భాగిస్తే 74. ఓకే అన్నమాట. అయితే 2025 జనవరిలో దక్షిణ కొరియాలోని బూసాన్ ఎయిర్‌పోర్ట్‌లో ఒక విమానం తగలబడ్డాక రూల్స్ బిగిశాయి. సింగపూర్ ఎయిర్‌లైన్స్ 2025 ఏప్రిల్ నుంచి, ఎమిరేట్స్ అక్టోబర్ నుంచి విమానంలో పవర్ బ్యాంక్ వాడకాన్ని ఆపేశాయి. తీసుకెళ్లొచ్చు, వాడకూడదు.

ఇంకోటి: ఫోన్ సీటు సందులో పడితే సీటును కదపకండి. బ్యాటరీ నలిగితే మంటే. సిబ్బందిని పిలవండి.

అసలు యూజర్ ఎవరు?

మనం ఎలాగోలా లాగించేస్తాం. ఈ సీటులో ఎక్కువ ఇబ్బంది పడేది కూతురి కాన్పుకో, మనవడిని చూసుకోవడానికో ఒంటరిగా వెళ్లే అమ్మానాన్నలే. అక్క డెలివరీకి అమ్మ వెళ్లినప్పుడు నడవ పక్క సీటు ముందే డబ్బు కట్టి తీసుకున్నాం. కౌంటర్‌లో ఆ ఎయిర్‌లైన్ వాళ్లు సీటు మార్చి మధ్యలో ఇచ్చారు. దిగాక అమ్మ ఫోన్‌లో అంది: "అంత రాత్రి పక్కవాళ్లని ఎలా లేపుతాంరా, అందుకే నీళ్లు తాగడం మానేశా."

నాకు భయం వేసింది అక్కడే. నాలుగు గంటలకు మించి కదలకుండా ప్రయాణిస్తే కాళ్లలో రక్తం గడ్డకట్టే రిస్క్ దాదాపు రెట్టింపవుతుందని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2007లోనే చెప్పింది. సుమారు 6,000 మందిలో ఒకరికి, అంటే తక్కువే. కానీ వయసు, బరువు, ఇదివరకు గడ్డకట్టిన చరిత్ర ఉంటే ఆ లెక్క మారుతుంది.

అందుకే వాళ్ల ఫోన్‌లో మీరు చేయాల్సిన సెట్టింగ్స్ ఇవి:

- రెండు గంటలకోసారి "లేచి నడువు" అని తెలుగులో పేరు పెట్టిన అలారం.
- ట్రాన్స్‌లేట్ యాప్‌లో తెలుగు, ఇంగ్లిష్ ఆఫ్‌లైన్ డౌన్‌లోడ్.
- "నాకు కాళ్ల నొప్పి, నడవ పక్క సీటు కావాలి" అని ఇంగ్లిష్‌లో రాసిన ఫోటో గ్యాలరీలో మొదట.
- అక్కడి అడ్రస్, ఫోన్ నంబర్ కాగితం మీద కూడా. ఫోన్ చచ్చిపోయినా కాగితం చావదు.
- మాత్రల టైమ్ డాక్టర్‌ని ముందే అడగండి. ఏరోప్లేన్ మోడ్‌లో ఫోన్ మన టైమే చూపిస్తుంది. దిగి నెట్‌వర్క్ తగలగానే టైమ్ మారుతుంది, అలారాలూ అక్కడి టైమ్‌కే మోగుతాయి.

మా తీర్పు

మీ కోసమైతే: ఏ350 దొరికితే రెండు మూడు వేలు ఎక్కువైనా తీసుకోండి, పవర్ బ్యాంక్ కంటే హెడ్‌ఫోన్‌కి డబ్బు పెట్టండి. అమ్మానాన్నల కోసమైతే: నడవ పక్క సీటు, వీల్‌చెయిర్ రిక్వెస్ట్, ఈ రెండూ బోర్డింగ్ పాస్ చేతికొచ్చాక మళ్లీ ఒకసారి చెక్ చేయండి. సీటు మారిందని తెలిస్తే కౌంటర్ దగ్గరే అడగండి. లోపలికెళ్లాక వాళ్లు అడగరు, మొహమాటపడతారు.