పైలట్ నిద్ర ఎవరి లెక్కలోకి వస్తుంది?

కాక్‌పిట్ వాయిస్ రికార్డరులో మొత్తం 2 గంటల 5 నిమిషాల శబ్దం దొరికింది. అందులో మొదటి గంటా నలభై నిమిషాలు ఇద్దరు పైలట్ల మధ్య మాటల్లేవు. బరువైన ఊపిరి చప్పుడు, మధ్యమధ్య గురక మాత్రం వినిపించాయి. 2010 మే 22న దుబాయ్ నుంచి మంగళూరు వస్తున్న ఎయిర్ ఇండియా ఎక్స్‌ప్రెస్ 812 విమానం అది. తెల్లవారి ఆరు గంటల వేళ. కొండను చదును చేసి కట్టిన రన్‌వే, చివరన లోయ. దిగడానికి సిద్ధమైన విమానం ఉండాల్సినదానికంటే చాలా ఎత్తులో ఉంది. పక్క సీట్లోని ఫస్ట్ ఆఫీసర్ ‘గో అరౌండ్’ అని మూడుసార్లు అన్నారు. అంటే ఇప్పుడు దిగొద్దు, పైకి లేపి మళ్లీ చుట్టి వద్దామని. కెప్టెన్ ఆగలేదు. ఎనిమిది వేల అడుగుల రన్‌వేలో 5,200 అడుగులు దాటాక గానీ చక్రాలు నేలకు తగల్లేదు. విమానంలో ఉన్న 166 మందిలో 158 మంది చనిపోయారు.

ఆ కెప్టెన్‌కు పది వేల గంటలకు పైగా అనుభవం ఉంది. కొద్ది రోజుల ముందే సెలవు ముగించుకుని వచ్చారు కూడా. విచారణ కమిటీ ప్రమాదానికి నేరుగా చూపిన కారణం, దిగడానికి పనికిరాని స్థితిలో ఉన్నా ఆయన ప్రయత్నం ఆపకపోవడం. దానికి తోడైన కారణాల్లో ఫ్లైట్‌లోనే ఆయన పోయిన ఆ సుదీర్ఘ నిద్ర, లేచాక వదలని మత్తు, శరీరం అట్టడుగు స్థాయిలో పనిచేసే ఆ తెల్లవారుజాము వేళ ఉన్నాయి. ఇక్కడ గమనించాల్సిన విషయం ఒకటుంది. పైలట్ ఎన్ని గంటలు పనిచేశాడన్న లెక్క ఒక్కటే సరిపోదు. ఏ గంటల్లో పనిచేశాడన్నదీ చూడాలి. రాత్రి 2 నుంచి ఉదయం 6 దాకా మనిషి ఒంట్లో వేడి తగ్గుతుంది, చురుకు తగ్గుతుంది. ఎంత నేర్పరి అయినా ఇందులో మినహాయింపు లేదు.

1997లో డాసన్, రీడ్ అనే ఇద్దరు ఆస్ట్రేలియా పరిశోధకులు ‘నేచర్’ పత్రికలో ఒక ఫలితం ప్రకటించారు. వరసగా 17 గంటలు మేల్కొని ఉన్న మనిషి పనితనం, రక్తంలో 0.05 శాతం ఆల్కహాల్ ఉన్నవాడి పనితనంతో సమానంగా పడిపోతుందని తేల్చారు. మన దేశంలో కారు నడిపేవాళ్లకు చట్టం అనుమతించే హద్దు 0.03 శాతం. పైలట్‌కైతే చుక్క కూడా కుదరదు. డ్యూటీకి ముందు బ్రెత్ అనలైజర్‌లో ఊదాల్సిందే, మందు ఆనవాలు కనిపిస్తే విమానం ఎక్కనివ్వరు. అది న్యాయమే. కానీ ముందురోజు రాత్రి కన్ను మూతపడని పైలట్‌ను పట్టి చూపించే యంత్రం ఏ విమానాశ్రయంలోనూ లేదు. అతను నోరు తెరిచి చెబితేనే తెలుస్తుంది. చెప్పగలిగే పరిస్థితి ఉందా లేదా అన్నదే ఈ కథనమంతా.

శంషాబాద్ నుంచి తెల్లవారి 5 గంటలకు ఎగిరే ఫ్లైట్‌ను తీసుకుందాం. పైలట్ కనీసం గంట ముందు రిపోర్ట్ చేయాలి. కూకట్‌పల్లిలో ఇల్లయితే 3 గంటలకల్లా క్యాబ్ గుమ్మం ముందు ఉంటుంది. రెండింటికే లేవాలి. ఆ లెక్కన ముందురోజు సాయంత్రం ఆరింటికో ఏడింటికో పడుకోవాలి. అప్పుడే బడి నుంచి వచ్చిన పిల్లలు, టీవీ, వీధిలో హారన్లు, తెల్లారకముందే లేవాలన్న కంగారు. కాగితం మీద ఆ సమయమంతా ‘రెస్ట్’. ఒంటికి అందింది నాలుగు గంటల కలత నిద్ర. అక్కడి నుంచి ఢిల్లీ, వెనక్కి, మళ్లీ ఇంకో ఊరు. మర్నాడు రోస్టర్‌లో రాత్రి డ్యూటీ. ఆ మర్నాడు స్టాండ్‌బై, అంటే ఫోన్ ఎప్పుడు మోగితే అప్పుడు వెళ్లాలి. ఇలా నిద్రవేళ ముందుకూ వెనక్కూ జరుగుతూ పోతే, ఆరు రోజులయ్యేసరికి ఆ మనిషి ఒంటికి పగలేదో రాత్రేదో తెలియదు.

భారత నిబంధనల ప్రకారం పైలట్ ఏడాదికి వెయ్యి గంటలకు మించి ఎగరకూడదు. రోజుకు సగటున మూడు గంటలు కూడా లేదు, ఇదేం కష్టమని చాలామంది అనుకుంటారు. విమానం కదిలిన క్షణం నుంచి ఆగే క్షణం దాకానే ఆ వెయ్యి గంటల లెక్క. రిపోర్ట్ చేయడం, వాతావరణం చూసుకోవడం, ఆలస్యమైతే ఏరోబ్రిడ్జి దగ్గర కూర్చోవడం, ఇంకో ఊళ్లో డ్యూటీ ఎక్కడానికి ప్రయాణికుడిలా వెళ్లే ‘డెడ్‌హెడింగ్’, ఇవేవీ అందులో రావు. దూర ప్రయాణాల పెద్ద విమానాల్లో అదనపు పైలట్లు ఉంటారు, పడుకోవడానికి బంక్ ఉంటుంది. మన దేశంలో ఎక్కువగా తిరిగే ఏ320, 737 కాక్‌పిట్లలో ఇద్దరే పైలట్లు.

అలసట ఎలా కనిపిస్తుందంటే, చాలాసార్లు మూతపడ్డ కళ్లలా కనిపించదు. కంట్రోలర్ చెప్పిన ఎత్తును ఒక అంకె తేడాతో వింటారు. చదివిన చెక్‌లిస్ట్ వరసనే మళ్లీ చదువుతారు. ఫ్రీక్వెన్సీ మార్చానా లేదా అని తడబడతారు. కళ్లు తెరిచే ఉంటాయి, రెండు మూడు సెకన్లు మెదడు మాత్రం అక్కడ ఉండదు. పైగా విమానయానంలో అన్నిటికంటే సూక్ష్మమైన పని, దిగడం, డ్యూటీ చివరన వస్తుంది. ఒంట్లో శక్తి అడుగంటిన వేళకే పూర్తి శ్రద్ధ కావాలి.

ఇవన్నీ తెలిసే మన విమానయాన నియంత్రణ సంస్థ డీజీసీఏ 2024 జనవరిలో కొత్త నిబంధనలు రాసింది. వారానికోసారి ఇచ్చే విశ్రాంతి 36 గంటల నుంచి 48కి పెరిగింది. ‘రాత్రి’ అన్నది అర్ధరాత్రి నుంచి 5 దాకా ఉండేది, 6 దాకా అయింది. రాత్రి డ్యూటీలో ల్యాండింగ్‌లు గరిష్ఠంగా ఆరు ఉండేవి, రెండుకు తగ్గాయి. అలసిపోయామని పైలట్లు ఇచ్చే ఫెటీగ్ రిపోర్టులను ఎయిర్‌లైన్లు విశ్లేషించి, తీసుకున్న చర్యలతో సహా మూడు నెలలకోసారి సమర్పించాలి. రిపోర్ట్ ఇచ్చినవాళ్లపై కక్ష కట్టకూడదు, పేరు బయటపెట్టకూడదు. మంచి నిబంధనలు. జూన్ 1 నుంచి అమలు కావాల్సినవి కంపెనీలు గడువు కోరడంతో వాయిదా పడ్డాయి. పైలట్ల సంఘాలు ఢిల్లీ హైకోర్టులో పోరాడాక, 2025 జులై 1న ఒక విడత, నవంబర్ 1న రెండో విడత అమల్లోకి వచ్చాయి. అంటే సిద్ధం కావడానికి దాదాపు రెండేళ్లు దొరికాయి.

ఆ ఏడాది డిసెంబర్‌లో ఏమైందో పాఠకులకు గుర్తుండే ఉంటుంది. దేశంలో ప్రతి ముగ్గురు విమాన ప్రయాణికుల్లో దాదాపు ఇద్దరిని మోసే ఇండిగో షెడ్యూల్ కుప్పకూలింది. డిసెంబర్ 3 నుంచి 5 దాకా మూడు రోజుల్లోనే 2,507 ఫ్లైట్లు రద్దయ్యాయి, 1,852 ఆలస్యమయ్యాయి, మూడు లక్షల మందికి పైగా ప్రయాణికులు ఎక్కడివాళ్లక్కడ చిక్కుకున్నారు. శంషాబాద్‌లో ఇరుముడితో శబరిమల బయల్దేరిన అయ్యప్ప మాలధారులు గంటల తరబడి నిలబడిపోయారు. పెళ్లికి వెళ్లాల్సినవాళ్లు, ఆపరేషన్‌కు వెళ్లాల్సినవాళ్లు కౌంటర్ల దగ్గర ఏడ్చారు. ఆ కోపంలో ఒక మాట ఊరంతా తిరిగింది: పైలట్లకు రెస్ట్ ఎక్కువిచ్చినందుకే ఇదంతా అని.

ఆ మాట తప్పు. అవే నిబంధనలు మిగతా ఎయిర్‌లైన్లకూ వర్తించాయి, అవి ఇలా కూలలేదు. ఆ తర్వాత డీజీసీఏ వేసిన విచారణ కమిటీయే చెప్పింది. రోస్టర్లు డ్యూటీ సమయాన్ని చివరి బొట్టు దాకా పిండేలా వేశారని, డెడ్‌హెడింగ్ మీద, సాగదీసిన డ్యూటీల మీద ఆధారపడ్డారని, ఏదైనా తేడా వస్తే తేరుకోవడానికి వెసులుబాటు మిగల్చలేదని. కంపెనీకి 22.2 కోట్ల జరిమానా పడింది. కానీ అంతకుముందు, సంక్షోభం నడుస్తుండగా డిసెంబర్ 5న జరిగింది నన్ను ఎక్కువగా కలవరపెడుతోంది. సెలవును వారపు విశ్రాంతి కింద జమకట్టకూడదన్న నిబంధనను డీజీసీఏ ఆ రోజే వెనక్కి తీసుకుంది. ఇండిగో ఏ320 పైలట్లకు రాత్రి డ్యూటీ పరిమితుల నుంచి 2026 ఫిబ్రవరి 10 దాకా మినహాయింపు ఇచ్చింది. నడిసముద్రంలో చిక్కినట్టున్న ప్రయాణికులను గమ్యం చేర్చాలన్న తొందర ప్రభుత్వానికి ఉండటం సహజమే. కానీ కంపెనీ ప్రణాళికలో లోపానికి, నష్టపరిహారం పైలట్ నిద్రలోంచి కట్టించారు. శ్రీకాకుళం బిడ్డ, పౌర విమానయాన మంత్రి కింజరాపు రామ్మోహన్ నాయుడు ఈ విషయంలో ముందు ముందు గట్టిగా నిలబడాలని అడగడం తెలుగువాళ్లుగా మన హక్కు.

ఇక అందరికంటే తక్కువ మాట్లాడేది పైలట్లే. ‘నేను అలసిపోయాను, ఈ ఫ్లైట్ తీయలేను’ అనడం చట్టం ఇచ్చిన హక్కు. కానీ ఊహించండి. 180 మంది సీట్‌బెల్టులు పెట్టుకుని కూర్చున్నారు. వాతావరణం వల్ల గంటన్నర ఆలస్యమైంది. డ్యూటీ పరిమితి దాటబోతోంది. పొడిగించాలా వద్దా అన్నది కెప్టెన్ విచక్షణకే వదిలారు. క్రూ కంట్రోల్ నుంచి ఫోన్, ‘సర్, ఒక్క సెక్టారే కదా’ అని. అప్‌గ్రేడ్ కోసం, నచ్చిన బేస్ కోసం, సెలవు కోసం అదే కంపెనీ వైపు చూడాల్సిన మనిషి, శిక్షణ కోసం తెచ్చిన లక్షల అప్పు నెలనెలా కట్టాల్సిన కుర్ర ఫస్ట్ ఆఫీసర్, ఆ ఫోన్‌కు కాదని చెప్పడం ఎంత కష్టమో ఉద్యోగం చేసేవాళ్లెవరికైనా తెలుసు.

ఇల్లు కూడా ఈ లెక్కలో భాగమే. 2024 జనవరి 25న ఇండోనేషియాలో కెండరి నుంచి జకార్తా వెళ్తున్న బాటిక్ ఎయిర్ విమానంలో ఇద్దరు పైలట్లూ ఒకేసారి 28 నిమిషాలు నిద్రపోయారు. 153 మంది ప్రయాణికులు. విమానం దారి తప్పింది, ఆ తర్వాత క్షేమంగా దిగింది. కో పైలట్ ఇంట్లో నెల రోజుల కవల పిల్లలున్నారని, రాత్రిళ్లు భార్యకు సాయంగా లేస్తున్నారని విచారణలో తేలింది. అందులో ఆయన నేరమేముంది? బాలింత ఇంట్లో నిద్ర ఎలా ఉంటుందో రోస్టర్ వేసే సాఫ్ట్‌వేర్‌కు తెలియదు.

అమెరికాలో 2009 ఫిబ్రవరిలో బఫెలో దగ్గర కాల్గన్ ఎయిర్ 3407 కూలి 50 మంది పోయారు. ఫస్ట్ ఆఫీసర్ ముందురోజు రాత్రంతా దేశం ఆ చివర నుంచి ఈ చివరకు ప్రయాణం చేసి డ్యూటీకి వచ్చారు. బాధిత కుటుంబాలు వాషింగ్టన్ చుట్టూ ఏళ్ల తరబడి తిరిగాక 2014 జనవరిలో కొత్త విశ్రాంతి నిబంధనలు అమలయ్యాయి. డ్యూటీకీ డ్యూటీకీ మధ్య పది గంటల విరామం, అందులో ఎనిమిది గంటలు నిద్రకు అవకాశం ఉండాలి. సరుకు విమానాల పైలట్లను మాత్రం అందులోంచి తప్పించారు. పెట్టెలు మోసే పైలట్‌కు నిద్ర తక్కువ చాలుతుందని ఏ శాస్త్రమూ చెప్పలేదు.

మన దగ్గర చేయాల్సింది కొత్తగా కనిపెట్టేదేమీ కాదు. ఏ ఎయిర్‌లైన్‌కు మూడు నెలల్లో ఎన్ని ఫెటీగ్ రిపోర్టులు అందాయో, ఎన్నిటిని ఒప్పుకున్నారో, ఎన్నిటిని తోసిపుచ్చారో డీజీసీఏ ప్రజల ముందు పెట్టాలి. పేర్లు అక్కర్లేదు, అంకెలు చాలు. నిబంధన అమలు తేదీకి తగినంత మంది పైలట్లు లేని కంపెనీకి, ఆ సీజన్ షెడ్యూల్‌లో కొత్త ఫ్లైట్లు ఇవ్వకూడదు. మినహాయింపు ఇవ్వక తప్పని రోజు వస్తే, ఏ రాత్రి ఎందుకిచ్చారో అదే రోజు ప్రకటించాలి.

మీకో మాట. ‘క్రూ డ్యూటీ సమయం ముగిసింది’ అని మీ ఫ్లైట్ ఆగితే కోపం రావడం న్యాయం. టికెట్ డబ్బులు అడగండి, భోజనం అడగండి, హోటల్ గది అడగండి, తగినంత మందిని ఎందుకు పెట్టుకోలేదని కంపెనీని నిలదీయండి. విమానం తీయమని మాత్రం ఆ పైలట్ మీద ఒత్తిడి తేకండి.