326 రోజుల టీకా వెనుక 15 ఏళ్ల పని

2020 జనవరి 11న చైనా శాస్త్రవేత్తలు కొత్త కరోనా వైరస్ జన్యుక్రమాన్ని లోకానికి వెల్లడించారు. రెండు రోజులకే అమెరికాలో మోడెర్నా టీకా నమూనా ఖరారైంది. 65వ రోజున తొలి వాలంటీరు ఆ సూది వేయించుకున్నారు. 326వ రోజున, అంటే డిసెంబరు 2న, బ్రిటన్ ఫైజర్ టీకాకు అత్యవసర అనుమతి ఇచ్చింది. అంతకుముందు వేగంలో రికార్డు గవదబిళ్లల టీకాది. 1963లో వైరస్ నమూనా తీసుకుంటే 1967లో లైసెన్సు వచ్చింది. నాలుగేళ్ల పని ఏడాదిలోపే ఎలా అయింది, ఏదైనా పరీక్షను పక్కన పెట్టేశారా అని చాలామంది అనుమానపడ్డారు. న్యాయమైన అనుమానమే. దానికి అంకెలతోనే జవాబు చెప్పాలి.

2 రోజులు

నమూనా రెండు రోజుల్లో తయారైందంటే, అప్పటికే దానికి కావలసినవన్నీ సిద్ధంగా ఉన్నాయని అర్థం. 2005లో కాటలిన్ కరికో, డ్రూ వైస్‌మన్ ఎంఆర్ఎన్ఏ అనే జన్యు సందేశాన్ని కొద్దిగా మార్చి, శరీరం దాన్ని శత్రువుగా చూసి రెచ్చిపోకుండా చేశారు. 2023లో వారికి నోబెల్ తెచ్చిన పని అదే. 2012లో మెర్స్ అనే కరోనా వైరస్ జబ్బు బయటపడ్డాక బార్నీ గ్రాహం, జేసన్ మెక్‌లెల్లన్ బృందాలు కరోనా వైరస్‌ల ముల్లు (స్పైక్) ప్రొటీన్‌పై దృష్టి పెట్టాయి. అది ఇట్టే ఆకారం మార్చుకుంటుంది. రెండంటే రెండు అమైనో ఆమ్లాల స్థానంలో ప్రోలిన్‌ను పెడితే కుదురుగా నిలబడుతుందని 2017లో ప్రచురించారు. కొత్త వైరస్ వచ్చాక మిగిలింది దాని జన్యుక్రమాన్ని ఈ పద్ధతిలో అమర్చడమే.

170 కేసులు

అసలు సమయమంతా టీకా పనిచేస్తుందని రుజువు చేయడానికే పడుతుంది. ఫైజర్ ట్రయల్లో సుమారు 43,000 మంది పాల్గొన్నారు. సగం మందికి టీకా, సగం మందికి ఉప్పునీటి సూది. ఎవరికి ఏది వేశారో వేయించుకున్నవారికీ తెలియదు, ఫలితాలను పరిశీలించినవారికీ తెలియదు. తర్వాత చేసేది ఎదురుచూడటమే. చివరికి 170 మందికి జబ్బు చేసింది. వారిలో 162 మంది ఉప్పునీటి సూది వేయించుకున్నవారు, 8 మంది టీకా వేయించుకున్నవారు. 162 మందికి రావలసిన చోట 8 మందికే వచ్చిందంటే, నూటికి 95 కేసులు ఆగినట్టు. 95 శాతం సామర్థ్యం అంటే ఇదే. టీకా వేసుకున్న నూరుగురిలో ఐదుగురికి జబ్బు వస్తుందని కాదు.

హైదరాబాద్‌లోని భారత్ బయోటెక్ కొవాగ్జిన్‌కూ ఇదే లెక్క. 25,798 మందితో జరిగిన మూడో దశలో 130 కేసులు వచ్చాయి. టీకా లేని సూది వేయించుకున్నవారిలో 106, టీకా వేయించుకున్నవారిలో 24. సామర్థ్యం 77.8 శాతం. అయితే అత్యవసర అనుమతి 2021 జనవరి 3న వస్తే, సామర్థ్యంపై తొలి అంచనా మార్చి 3న వెలువడింది. మధ్యలోని ఆ రెండు నెలలు జనం అడిగిన ప్రశ్నలకు చూపించడానికి లెక్క లేదు. రుజువు ముందు, అనుమతి తర్వాత అన్న క్రమం జనం నమ్మకానికి పునాది. ఎంత తొందరలోనైనా అది తప్పకూడదు.

వేగం మూడు చోట్ల కలిసొచ్చింది. ఒక దశ పూర్తిగా ముగియకముందే తర్వాతి దశ మొదలైంది. అనుమతి వస్తుందో రాదో తెలియకముందే, చాలావరకు ప్రభుత్వాల డబ్బుతో, ఫ్యాక్టరీలు డోసులు తయారుచేశాయి. టీకా విఫలమైతే ఆ డబ్బు పోయేది. ఆ భారం చాలావరకు ఖజానాలు మోశాయి. ఇక జబ్బు విపరీతంగా వ్యాపించడం వల్ల కావలసిన కేసులు నెలల్లోనే పోగయ్యాయి.

23, 0

కేసులు తక్కువగా ఉంటే? 2014-16లో పశ్చిమాఫ్రికాలో ఎబోలా 28,600 మందికి పైగా సోకి, 11,300కు పైగా మందిని బలి తీసుకుంది. గినీలో ఎబోలా టీకా ట్రయల్ మొదలయ్యేసరికి ఉద్ధృతి తగ్గుతోంది. అప్పుడు శాస్త్రవేత్తలు మశూచిని తరిమిన పాత ఉపాయం పట్టుకున్నారు. ఒక గడ్డివాము అంటుకుంటే చుట్టుపక్కల వాముల్ని తడిపినట్టు, రోగి చుట్టూ ఉన్నవారికీ, వారిని కలిసినవారికీ టీకా వేశారు. 5,837 మంది వేయించుకున్నారు. పది రోజులు దాటాక వారిలో ఒక్క కేసూ లేదు. వేయించుకోనివారిలో 23.

ఇందులో బాధ కలిగించే అంకె మరొకటి ఉంది. ఆ టీకా కెనడాలోని విన్నిపెగ్ ప్రభుత్వ ల్యాబులో పుట్టింది. కోతుల్ని పూర్తిగా కాపాడిందని 2005లోనే ప్రచురించారు. మనుషులపై తొలి ట్రయల్ మొదలైంది 2014 అక్టోబరులో. పేద దేశాల్లో అప్పుడప్పుడూ వచ్చే జబ్బుకు మార్కెట్ లేదని తొమ్మిదేళ్లు పక్కన ఉండిపోయింది.

హైదరాబాద్‌లో తయారైన కొవిడ్ టీకా కార్బెవాక్స్ కథలోనూ ఇదే లోటు. 2002-03లో సార్స్ 774 మందిని బలిగొని మాయమైంది. దానికి ఈస్టుతో టీకా తయారుచేసిన హ్యూస్టన్‌లోని పీటర్ హోటెజ్, మరియా ఎలెనా బొటాజీ బృందానికి మనుషులపై పరీక్షలకు డబ్బు పుట్టలేదు. 2020లో అదే ఈస్టు పద్ధతిని కొవిడ్‌కు మలిచి బయోలాజికల్-ఇ సంస్థతో చేయి కలిపారు. ఈస్టుతో టీకా చేయడం హైదరాబాద్‌కు కొత్త కాదు. 1997లో శాంతా బయోటెక్నిక్స్ తెచ్చిన హెపటైటిస్-బి టీకా అలాంటిదే. 2021 డిసెంబరు 28న కార్బెవాక్స్‌కు అనుమతి వచ్చింది. మన దేశాన్ని కుదిపేసిన రెండో ఉద్ధృతి అప్పటికే దాటిపోయింది.

19 కేసులు

ఇప్పుడు నిపా వైరస్ సంగతి చూద్దాం. 1998-99లో మలేసియాలో బయటపడింది. 2018లో కేరళలో 19 మందికి సోకితే 17 మంది చనిపోయారు. ఆ తర్వాత కూడా కేరళకు మళ్లీ మళ్లీ వచ్చింది. 19 కేసులతో 170 కేసుల ట్రయల్ జరగదు. ఆక్స్‌ఫర్డ్ తయారుచేసిన నిపా టీకా మనుషులపై తొలి పరీక్షకు వచ్చిందే 2024 జనవరిలో. ఇలాంటి జబ్బుకు జంతువుల్లో రక్షణ, మనుషుల్లో భద్రత, యాంటీబాడీలు ముందే తేల్చుకోవాలి. డోసులు నిల్వ ఉంచుకోవాలి. ఎవరికి ఎలా వేయాలో రాసిపెట్టుకుని, నైతిక కమిటీల అనుమతి తీసి ఉంచుకోవాలి. అప్పుడు తొలి కేసు తేలిన వారంలోనే గినీ తరహా వలయం కట్టవచ్చు.

100 రోజులు

అంటువ్యాధుల టీకాల కోసం 2017లో మొదలైన సెపీ అంతర్జాతీయ కూటమి 2021లో కొత్త లక్ష్యం పెట్టింది. కొత్త వైరస్ గుర్తించాక 100 రోజుల్లో టీకా. ఈ కూటమిలో భారత్ తొలినుంచీ భాగస్వామి. 326ను 100 చేయడానికి భద్రత పరీక్షలు కుదించకూడదు, కుదించనక్కర్లేదు కూడా. ప్రమాదకర వైరస్ కుటుంబాలన్నిటికీ ఒక్కో నమూనా టీకాను మనుషుల్లో తొలి దశ దాకా ముందే నడిపిస్తే, మిగిలేది కుటుంబంలోని కొత్త సభ్యుడికి తగిన మార్పులే. దానికి ఖర్చవుతుంది. ఆ ఖర్చు జబ్బు కనిపించని ఏడాదిలో పెట్టాలి. అందుకే బడ్జెట్‌లో ముందుగా కోత పడేదీ దానికే. ఎబోలా టీకా తొమ్మిదేళ్లు ఆగిపోయింది డబ్బు లేకే. ల్యాబుల్లో విజ్ఞానం అప్పటికే సిద్ధంగా ఉంది. ఫ్యాక్టరీలూ నిపుణులూ ఉన్న మన దేశం, కేసులు సున్నాగా ఉన్న ఏడాదిలోనూ నిపా టీకాకు నిధులు ఆగకుండా చూడాలి. కేరళలో మరో కేసు తేలాక మొదలుపెడితే, 100 రోజుల లెక్కా ఎవరినీ కాపాడలేదు.