కోట్లున్నా కొనలేని ఆటగాడు

పరుగుల లెక్కను దేశమంతా చూస్తుంది. వేతనాల లెక్క చూసేవారు అరుదు. ఢిల్లీ క్రికెట్ జట్టు తలరాతను పలుమార్లు తిరగవ్రాసినది ఈ రెండవ లెక్కే.

2024 నవంబరు 24. సౌదీ అరేబియాలోని జెడ్డా నగరంలో ఐ.పి.ఎల్. వేలం జరుగుతున్నది. వికెట్ కీపర్ రిషభ్ పంత్ పేరు పిలిచారు. 2016 నుండి ఢిల్లీ జట్టునే అంటిపెట్టుకొని, దానికి నాయకత్వం వహించి, 2022 డిసెంబరులో ఘోరమైన కారు ప్రమాదానికి లోనై, కోలుకొని మళ్ళీ అదే జట్టు పగ్గాలు చేపట్టిన ఆటగాడతడు. 2 కోట్ల రూపాయల వద్ద మొదలైన పాట పెరిగి పెరిగి, లక్నో జట్టు పేర 20 కోట్ల 75 లక్షల వద్ద ఆగినది. అప్పుడు ఢిల్లీ తన హక్కును వినియోగించుకొన్నది. పాత జట్టు అదే ధరకు తన ఆటగాణ్ణి తిరిగి తీసుకొనవచ్చునన్నదే ఆ హక్కు. అయితే ఆ ఏడు నిబంధనకు ఒక మెలిక చేరింది: పాడినవారికి ధర పెంచుకొనేందుకు మరొక్క అవకాశం ఇస్తారు. లక్నో ఒక్కసారిగా 27 కోట్లన్నది. ఢిల్లీ వద్దన్నది. ఐ.పి.ఎల్. చరిత్రలోనే అంతవరకు ఎవరికీ పలకని ధరకు పంత్ పరజట్టు వాడైనాడు.

ఢిల్లీ వద్ద డబ్బు లేకనా? ఆ జట్టు యజమానులలో ఒకరు జి.ఎం.ఆర్. సంస్థ. శ్రీకాకుళం సీమలోని రాజాంలో పుట్టిన గ్రంధి మల్లికార్జునరావు స్థాపించిన ఈ సంస్థ 2008లో ఢిల్లీ జట్టును 8 కోట్ల 40 లక్షల డాలర్లకు కొన్నది. దేశ రాజధాని విమానాశ్రయాన్ని నడుపుతున్నదీ ఈ సంస్థే. 2018లో జట్టులో సగం వాటా తీసుకొన్న జె.ఎస్.డబ్ల్యు. వారు ఉక్కు పరిశ్రమలో మహారథులు. అటువంటి యజమానులకు 27 కోట్లు ఒక లెక్కలోనిది కాదు. కాని వారి ఖజానా ఎంత పెద్దదైనా, ఆటగాళ్ళ మీద ఖర్చు పెట్టేందుకు నియమం వారి చేతికి ఇచ్చిన సంచీ చిన్నది. 2025 సీజనుకు ఆ సంచీ అన్ని జట్లకూ సమానంగా 120 కోట్లు.

ఆనాటి ఢిల్లీ పద్దును ఒకసారి విప్పి చూడవచ్చును. వేలానికి ముందే అక్షర్ పటేల్‌ను 16 కోట్ల 50 లక్షలకు, కుల్దీప్ యాదవ్‌ను 13 కోట్ల 25 లక్షలకు, ట్రిస్టన్ స్టబ్స్‌ను 10 కోట్లకు, అభిషేక్ పోరెల్‌ను 4 కోట్లకు జట్టు నిలుపుకొన్నది. కూడితే 43 కోట్ల 75 లక్షలు. కాగా సంచీలో నుండి తీసివేసినది మాత్రం 47 కోట్లు! నిలుపుకొన్న మొదటి ఆటగానికి 18 కోట్లు, రెండవ వానికి 14, మూడవ వానికి 11, జాతీయ జట్టుకు ఆడని వానికి 4 అని ముందే మెట్లు కట్టి ఉంచారు. తక్కువకు ఒప్పించినా మెట్టు ధర తగ్గదు. మిగిలిన 3 కోట్ల 25 లక్షలు ఏ ఆటగాని ఇంటికీ చేరలేదు. వేలంలో వాడుకొనేందుకూ లేదు. యజమాని జేబులో అవి భద్రంగానే ఉన్నాయి, సంచీలో మాత్రం లేవు. జమాఖర్చులు తెలిసిన గుమాస్తా కూడా ఒక్క క్షణం కళ్ళద్దాలు సవరించుకొనే చోటిది.

అలా 73 కోట్లతో ఢిల్లీ జెడ్డాకు చేరింది. పంత్ పేరుకు కొద్ది నిమిషాల ముందే ఆస్ట్రేలియా బౌలర్ మిచెల్ స్టార్క్‌కు 11 కోట్ల 75 లక్షలు వెచ్చించింది. మిగిలినవి 61 కోట్ల 25 లక్షలు. జట్టులో కనీసం 18 మంది ఉండి తీరాలి; చేతిలో ఉన్నవారు అయిదుగురు. పంత్‌కు 27 కోట్లు ఇచ్చివేస్తే తక్కిన పన్నెండు మందిని 34 కోట్ల 25 లక్షలలో సర్దుకోవలసివస్తుంది. వదులుకొన్న తరువాత అదే సాయంత్రం వికెట్ కీపరుగా, బ్యాట్స్‌మన్‌గా పనికివచ్చే కె.ఎల్. రాహుల్‌ను 14 కోట్లకు తీసుకొన్నారు. ఆదా 13 కోట్లు.

ఆ లెక్కకు తొలి పరీక్ష తెలుగుగడ్డ మీదనే జరిగింది. 2025 మార్చి 24న ఢిల్లీ తన రెండవ సొంత మైదానమైన విశాఖపట్నంలో లక్నోతో తలపడినది. పంత్ పరుగేమీ చేయకుండానే వెనుదిరిగాడు. 210 పరుగుల లక్ష్యం ముందు తడబడిన ఢిల్లీని 3 కోట్ల 80 లక్షలకు కొన్న అశుతోష్ శర్మ 66 పరుగులతో అజేయంగా నిలిచి ఒక్క వికెట్టు తేడాతో గట్టెక్కించాడు. ఆ సీజనులో పంత్ చేసినవి 269 పరుగులు, రాహుల్ చేసినవి 539. అయినా ఢిల్లీకి దక్కినది అయిదవ స్థానమే. లెక్క సరిపోయినంత మాత్రాన కప్పు రాదు.

ఈ వేతన పరిమితి అనే ఆలోచన మన దేశానిది కాదు. అమెరికాలో బాస్కెట్‌బాల్ సంఘం 1984-85లో దీనిని అమలులోకి తెచ్చింది. అక్కడి ఫుట్‌బాల్ సంఘం 1994లో ఒక్కొక్క జట్టుకు 3 కోట్ల 46 లక్షల డాలర్లని హద్దు గీసింది. 2025 నాటికి అది 27 కోట్ల 92 లక్షలకు పెరిగింది. ధనికుడైన యజమాని మంచి ఆటగాళ్ళనందరినీ మూటగట్టుకొని పోతే పోటీ చప్పబడిపోతుందనేది దీని వెనుక ఉన్న తర్కం. పోటీ చప్పబడితే ప్రేక్షకుడు రాడు. ప్రేక్షకుడు రాకపోతే అందరికీ నష్టమే.

హద్దు గీసిన మరునాడే దానిని దాటే ఉపాయాలు పుట్టాయి. అమెరికా ఫుట్‌బాల్‌లో ఒక ఆటగానికి ఈ ఏడు 2 కోట్ల డాలర్ల జీతం ఉన్నదనుకొందాము. అందులో కోటిన్నరను జట్టు "సంతకపు బహుమతి"గా మార్చి వెంటనే చేతికి ఇచ్చివేస్తుంది. ఆటగానికి ఒక్క డాలరూ తగ్గదు. పద్దులో మాత్రం ఆ కోటిన్నరను అయిదేండ్లకు పంచి, ఏటా 30 లక్షలుగా చూపవచ్చును. కనుక ఈ ఏటి ఖర్చు 2 కోట్ల నుండి 80 లక్షలకు దిగుతుంది. మిగిలిన కోటి 20 లక్షలు రాబోయే నాలుగేండ్ల నెత్తిన పడతాయి. మధ్యలో ఆటగాడు వెళ్ళిపోతే, ఆడని మనిషి జీతాన్ని పద్దులో మోయక తప్పదు. పంట చేతికి రాకముందే అప్పు తెచ్చి పెండ్లి చేసినట్టుంటుంది ఈ వ్యవహారం.

ఐ.పి.ఎల్.లో ఈ వాయిదాల విద్య చెల్లదు. ఏ ఏటి జీతం ఆ ఏటి సంచీలో నుండే పోవాలి. ఢిల్లీకి ఫుట్‌బాల్ జట్టూ లేకపోలేదు. ఇటలీ వీరుడు దెల్ పియెరో 2014లో ఢిల్లీ డైనమోస్ తరఫున ఆడాడు. 2019లో ఆ జట్టు భువనేశ్వరానికి తరలి ఒడిశా ఎఫ్.సి.గా పేరు మార్చుకొన్నది. రాజధానిలో వేతన పరిమితి వింతలు చూడదలచినవారికి క్రికెట్ ఉన్నది.

ఆ వింతలు మొదటి వేలంలోనే ప్రారంభమైనాయి. 2008 ఫిబ్రవరిలో ఒక్కొక్క జట్టుకు పరిమితి 50 లక్షల డాలర్లు. సచిన్, గంగూలీ, ద్రావిడ్, యువరాజ్, సెహ్వాగ్‌లను "ఐకాన్" ఆటగాళ్ళన్నారు. వారు వేలానికి రారు. తమ ఊరి జట్టుకే ఆడతారు. ఆ జట్టులో అత్యధిక వేతనం పొందేవాని కంటే నూటికి పదిహేను వంతులు ఎక్కువ పుచ్చుకొంటారు. ఢిల్లీ గౌతం గంభీర్‌ను 7,25,000 డాలర్లకు కొన్నది. ఆ సంతకంతో సెహ్వాగ్ వేతనం తనంతట తానే 8,33,750 డాలర్లయింది. అంటే గంభీర్ కోసం పెంచిన ప్రతి డాలరుకూ సెహ్వాగ్ పద్దులో మరొక డాలరు పదిహేను సెంట్లు చేరాయన్నమాట.

హైదరాబాదుకూ ఐకాన్ ఉండవలసినదే. వి.వి.యస్. లక్ష్మణ్ ఆ హోదా వద్దన్నాడు. తనకు పోయే సొమ్ము మిగిలితే డెక్కన్ చార్జర్స్ మంచి ఆటగాళ్ళను కొనుక్కోగలదన్నది అతని ఉద్దేశం. ఆ త్యాగం విలువను గుణించి చూడవచ్చును. ఆ జట్టు ఆండ్రూ సైమండ్స్‌కు 13,50,000 డాలర్లు పెట్టింది. లక్ష్మణ్ ఐకాన్‌గా ఉండి ఉంటే అతనికి 15,52,500 డాలర్లు రావలసినది. అతనికి లభించినవి 3,75,000. పదకొండు లక్షల డాలర్ల పై మాట అది. ఆ మొదటి ఏడు జట్టు అట్టడుగున నిలిచిందనీ, మరుసటి ఏడు దక్షిణాఫ్రికాలో కప్పు గెలిచిందనీ తెలుగువారికి వేరే చెప్పనక్కరలేదు. 2021 ఆగస్టులో బార్సిలోనా ఫుట్‌బాల్ జట్టు స్పెయిన్ లీగు వేతన నియమాలకు తలవంచి మెస్సీనే వదులుకొన్నప్పుడు, ఆ జట్టులోని గెరార్డ్ పికే కొత్తవారి పేర్లు నమోదు కావడానికి తన జీతం తగ్గించుకొన్నాడు. లక్ష్మణ్ ఆ పని పదమూడేండ్ల ముందే చేశాడు.

2011లో మరొక మలుపు. పరిమితి 90 లక్షల డాలర్లు. నలుగురిని నిలుపుకొంటే 45 లక్షలు పోతాయి. చెన్నై, ముంబయి ఆ మార్గం పట్టాయి. ఢిల్లీ 18 లక్షలకు సెహ్వాగ్‌ను మాత్రమే ఉంచుకొని, సంచీ బరువును నమ్ముకొన్నది. విడిచిపెట్టిన గంభీర్‌ను కలకత్తా 24 లక్షల డాలర్లకు తీసుకొన్నది. అతని నాయకత్వంలో 2012లో, 2014లో కప్పులు గెలిచింది. 2011లో చెన్నై విజేత. ఢిల్లీ పది జట్లలో పదవది. డబ్బు మిగుల్చుకోవడమూ, జట్టును మిగుల్చుకోవడమూ ఒకటి కావని ఇంతకంటే ఖరీదైన పాఠం వేరొకటి ఉండదేమో.

ఆ పాఠం నేర్చుకొన్న తరువాత 2022లో నలుగురిని ఉంచుకొన్నారు. పంత్‌కు 16 కోట్లు, అక్షర్‌కు 9, పృథ్వీ షాకు ఏడున్నర, నోర్ట్యాకు ఆరున్నర. చెల్లించేవి 39 కోట్లు. పద్దులో కోత 42 కోట్ల 50 లక్షలు. 90 కోట్ల సంచీలో మిగిలినవి 47 కోట్ల 50 లక్షలే.

2024లో హైదరాబాదు ఈ మెట్లను తెలివిగా వాడుకొన్నది. అయిదుగురికి మొత్తం 75 కోట్లు. ఆ మొత్తాన్ని తమ ఇష్టానుసారం పంచుకొనే వీలు ఇచ్చారు. క్లాసెన్‌కు 23 కోట్లు, కమిన్స్‌కు 18, అభిషేక్ శర్మకు, ట్రావిస్ హెడ్‌కు చెరి 14, విశాఖ కుర్రవాడు నితీశ్‌కుమార్ రెడ్డికి 6 కోట్లు. కూడిక సరిగ్గా 75. ఒక్క రూపాయి వృథా కాలేదు.

పరిమితిని పక్కదారిన దాటజూచినవారు లేకపోలేదు. ఉన్న జట్టుతో ఒప్పందం పునరుద్ధరించుకోకుండా వేరొక జట్టుతో బేరమాడినందుకు రవీంద్ర జడేజాను 2010 సీజను నుండి బహిష్కరించారు. రెండేండ్లు తిరిగేసరికి అతని కోసమే చెన్నై, డెక్కన్ చార్జర్స్ రెండూ 20 లక్షల డాలర్ల హద్దుకు చేరుకొన్నాయి. అప్పుడు రెండు జట్లనూ మూసిన కవరులో రహస్య మొత్తం వ్రాయమన్నారు. చెన్నై గెలిచింది. ఆ రహస్య మొత్తం ఆటగానికి కాక క్రికెట్ బోర్డుకు చేరింది.

అదే జడేజా 2025 నవంబరులో చెన్నై నుండి రాజస్థాన్‌కు మారినప్పుడు అతని వేతనం 18 కోట్ల నుండి 14 కోట్లకు దిగినది. అవే రోజులలో ఢిల్లీ కూడా ఒక మారకం చేసింది: రాజస్థాన్ నుండి ఢిల్లీ బిడ్డ నితీశ్ రాణా 4 కోట్ల 20 లక్షలకు వచ్చాడు, బదులుగా దక్షిణాఫ్రికా ఆటగాడు డోనొవాన్ ఫెరైరా వెళ్ళాడు. ఫెరైరా వేతనం 75 లక్షల నుండి కోటికి పెరిగింది. పెద్ద పేర్లు పలికే వేలం పాటలో ఈ పాతిక లక్షలను పట్టించుకొన్నవారు తక్కువ.

2025 డిసెంబరులో అబూధాబీలో కామెరాన్ గ్రీన్‌ను కలకత్తా 25 కోట్ల 20 లక్షలకు కొన్నది. చిన్న వేలంలో విదేశీ ఆటగానికి 18 కోట్లకు మించి ముట్టరాదన్న కొత్త నియమం వలన, తక్కిన 7 కోట్ల 20 లక్షలు ఆటగాళ్ళ సంక్షేమానికి బోర్డు ఖాతాలో జమ అవుతాయి. కలకత్తా సంచీలో నుండి మాత్రం 25 కోట్ల 20 లక్షలూ పోయాయి.