లింకును తీసేస్తే ఫైళ్ళు పోతాయా?

హాస్టల్లో 4వ నంబరు గదిలో ఉండే విద్యార్థి 12వ గదికి మారాడనుకోండి. పాత గది తలుపు మీద 'నేను 12లో ఉన్నాను' అని ఒక చీటీ అంటించి వెళతాడు. అతని కోసం వచ్చినవాళ్ళు చీటీ చదివి 12వ గదికి వెళతారు. కంప్యూటర్‌లో డైరెక్టరీ లింకు చేసే పని దాదాపు ఇదే. సి డ్రైవు నిండిపోయిందని ఫొటోల డైరెక్టరీని డి డ్రైవులోకి తరలించి, పాత చోట ఒక లింకు పెడతాం. ప్రోగ్రాములు అలవాటు ప్రకారం పాత చోటనే వెతుకుతాయి, ఫైళ్ళు మాత్రం కొత్త చోటు నుంచి తెరుచుకుంటాయి. తేడా వాటికి తెలియదు.

చిక్కు వచ్చేది ఆ లింకు అక్కర్లేదనుకున్న రోజున. పైకి అది అచ్చం డైరెక్టరీలాగే కనిపిస్తుంది. లోపలికి వెళ్ళి చూస్తే ఫొటోలన్నీ ఉంటాయి. మరి దాన్ని చెరిపేస్తే పోయేది చీటీయా, 12వ గదిలోని సామానా? కమాండ్ లైన్ నుంచి చెరిపినవి రీసైకిల్ బిన్‌లోకి కూడా చేరవు. కాబట్టి జవాబు ముందే తెలిసి ఉండాలి.

విచిత్రమేమంటే, లినక్స్‌కూ విండోస్‌కూ ఈ విషయంలో పద్ధతి తలకిందులు. (కమాండ్లను ఇక్కడ తెలుగులో రాస్తున్నాం, కీబోర్డు మీద ఆ ఇంగ్లీషు అక్షరాలే కొట్టాలి.)

లినక్స్‌లో వాడే సింబాలిక్ లింకు యూనిక్స్ కుటుంబం నుంచి వచ్చింది. 1983లో వెలువడిన 4.2 బీఎస్‌డీ యూనిక్స్‌లో ఇది ఉంది. ఇది డైరెక్టరీ కాదు, ఒక ప్రత్యేక రకం చిన్న ఫైలు. అందులో ఉండేది గమ్యస్థానం చిరునామా మాత్రమే. అంటే ఇది నిజంగానే చీటీ. అందువల్ల ఫైళ్ళను చెరిపే 'ఆర్‌ఎమ్' కమాండ్ తరువాత లింకు పేరు ఇస్తే చాలు, చీటీ పోతుంది, సామాను పదిలంగా ఉంటుంది. డైరెక్టరీలను తీసేసే 'ఆర్‌ఎమ్‌డీఐఆర్'ను దీని మీద ప్రయోగిస్తే 'ఇది డైరెక్టరీ కాదు' అని తిరస్కరిస్తుంది.

విండోస్ దారి వేరు. విండోస్ 2000తో వచ్చిన 'జంక్షన్', 2007లో మార్కెట్లోకి వచ్చిన విస్టాతో చేరిన డైరెక్టరీ సింబాలిక్ లింకు, రెండూ డిస్కు మీద డైరెక్టరీలుగానే నమోదవుతాయి. కాకపోతే వాటికి 'రీపార్స్ పాయింట్' అనే గుర్తు తగిలించి ఉంటుంది. 'ఇక్కడ ఆగకు, ఫలానా చోటికి పో' అని ఆ గుర్తు విండోస్‌కు చెబుతుంది. ఇది చీటీ కాదు, గోడకు అవతల ఇంకో గదిలోకి తెరుచుకునే తలుపు అనుకోవచ్చు. కనుక ఇక్కడ సరైన కమాండ్ 'ఆర్‌ఎమ్‌డీఐఆర్'. అది తలుపును మాత్రమే తొలగిస్తుంది. ఫైళ్ళను చెరిపే 'డీఈఎల్'కు లింకు పేరు ఇచ్చారో, అది తలుపు దాటి అవతలికి వెళ్ళి అక్కడి ఫైళ్ళను చెరిపేస్తుంది. ముందుగా 'ఖాయమేనా?' అని ఒక ప్రశ్న వేస్తుంది, నిజమే. అయితే అలాంటి ప్రశ్నలకు ఆలోచించకుండా 'వై' నొక్కడం మనలో చాలామందికి అలవాటు!

ఇంకో ముఖ్యమైన సంగతి ఉంది. లినక్స్‌లో 'ఆర్‌ఎమ్', విండోస్‌లో 'ఆర్‌ఎమ్‌డీఐఆర్', ఏ స్విచ్చూ తగిలించకుండా వాడితే మన పొరపాటును అవే అడ్డుకుంటాయి. లింకు అనుకుని అసలు డైరెక్టరీ పేరే ఇచ్చారనుకోండి. లినక్స్ 'ఇది డైరెక్టరీ' అని ఆగిపోతుంది. విండోస్ 'డైరెక్టరీ ఖాళీగా లేదు' అని ఆగిపోతుంది. ఆ కాపలాను తీసేసేవి లినక్స్‌లో '-ఆర్', విండోస్‌లో '/ఎస్'. లోపలున్న సమస్తాన్నీ చెరపమని వాటి అర్థం. లింకును తీయడానికి వాటి అవసరమే లేదు. కమాండ్ మొరాయించిందని విసుగుతో వాటిని చేర్చడమే అసలు ప్రమాదం.

లినక్స్‌లో పేరు చివర పడే గీతనూ గమనించాలి. 'ఫొటోలు' అంటే లింకు, 'ఫొటోలు/' అంటే లింకు చూపించే చోటు. గీత తరువాత నక్షత్రం కూడా పెడితే, కమాండ్‌కు చేరేది అవతలి ఫైళ్ళ జాబితా. అప్పుడు చెరిగేవి కూడా అవే. పేరు పూర్తి కావడానికి ట్యాబ్ కీని రెండుసార్లు నొక్కినప్పుడు ఈ గీత దానంతటదే వచ్చి చేరుతుంటుంది. ఎంటర్ నొక్కేముందు దాన్ని చెరిపేయండి.

ఎదురుగా ఉన్నది లింకో కాదో తేల్చుకోవడం తేలికే. లినక్స్‌లో 'ఎల్‌ఎస్ -ఎల్' ఇస్తే లింకు ఉన్న వరుస 'ఎల్' అక్షరంతో మొదలవుతుంది, పేరు పక్కన బాణం గుర్తు, దాని తరువాత గమ్యస్థానం కనిపిస్తాయి. విండోస్‌లో 'డీఐఆర్' ఇస్తే మామూలుగా డైరెక్టరీ అని ఉండే చోట 'జంక్షన్' అనో 'సిమ్‌లింక్‌డీ' అనో ఉంటుంది. గమ్యస్థానం పేరును ఒక కాగితం మీద రాసుకుని, లింకును తీసేశాక అక్కడికి వెళ్ళి ఫైళ్ళు ఉన్నాయో లేదో చూసుకోండి.

దీనికి తారుమారు కూడా జరుగుతుంటుంది. గమ్యస్థానాన్నే ముందు చెరిపేస్తే లింకు అనాథలా మిగిలిపోతుంది. తెరవబోతే అలాంటి చోటు లేదంటుంది. దాన్ని తీసేయడానికి కూడా పైన చెప్పిన కమాండ్లే సరిపోతాయి.