అత్తయ్యగారి పలక టీవీ

ఇంట్లో పెద్ద టీవీ ఉంది. మనిషికో ఫోనుంది. ఈ రోజుల్లో సీడీలు వేసుకునే చిన్న ప్లేయరు కొనడమేమిటని మా వీధిలో అడగని వాళ్లు లేరు. మా వారైతే "పాత సామాన్ల బండికి వేయాల్సిన వస్తువుని డబ్బిచ్చి తెస్తావా!" అన్నారు. తెచ్చాను. ఏడాదిన్నరగా రోజూ నడుస్తూనే ఉంది. ఇది అందరికీ కావలసిన వస్తువని చెప్పను. కానీ మంచం దిగలేని పెద్దవాళ్లున్న ఇళ్లలో, ట్రంకు పెట్టెలో పాత పెళ్లి సీడీలు మూలుగుతున్న ఇళ్లలో దీని సంగతి ఒకసారి ఆలోచించుకోవచ్చు.

ముందు వస్తువేమిటో చెబుతాను. పోర్టబుల్ డీవీడీ ప్లేయరు అంటారు. మూస్తే లావుపాటి నోటు పుస్తకమంత. తెరిస్తే పైన తెర, కింద సీడీ పెట్టే గుండ్రటి పళ్లెం. పక్కన పెన్‌డ్రైవుకి, మెమరీ కార్డుకి సందులు. లోపల చార్జింగు పెట్టుకునే బ్యాటరీ. నెట్టు లేదు, సిమ్ము లేదు. సీడీ పళ్లెం లేకుండా కార్డుతో మాత్రమే ఆడే ఎంపీ4 ప్లేయర్లు కూడా ఇదే జాతి. అవి ఇంకా చిన్నవి, ఇంకా చవక. మా ఇంట్లో సీడీలున్నాయి కాబట్టి వాటి జోలికి పోలేదు.

చేతిలో పట్టుకుని చూసే వీడియో కొత్తదేమీ కాదు. 1988లోనే సోనీ వాళ్లు వీడియో వాక్‌మన్ పేరుతో 3 అంగుళాల తెర ఉన్న కేసెట్ ప్లేయరు తెచ్చారు. 1998లో పానసోనిక్ వాళ్లు చేతిలో పట్టే డీవీడీ ప్లేయరు తెచ్చారు. అప్పట్లో అవి మనలాంటి వాళ్లు ధర అడగడానికే జంకే వస్తువులు. తరవాత చైనా సరుకు వచ్చి ధరలు దిగాయి. ఆ వెనకే ఫోన్లు వచ్చి గిరాకీ దిగింది. గిరాకీ పోయిన వస్తువు కొనేటప్పుడే ఎక్కువ జాగ్రత్త కావాలి. అది దుకాణంలో ఎన్నాళ్లుగా అట్టపెట్టెలో నిద్రపోతోందో చెప్పలేం. బ్యాటరీ అన్నది వాడకపోయినా వయసు మీద పడేదే.

మరి మాకెందుకు కావలసి వచ్చిందంటే, మా అత్తయ్యగారి కోసం. ఆమెకిప్పుడు 78 ఏళ్లు. మోకాలి ఆపరేషన్ అయ్యాక వెనక గదిలోనే ఎక్కువసేపు. టీవీ హాల్లో. నా పాత ఫోను ఇచ్చి చూశాం. వేళ్లు ఎండిపోయాయేమో, ఆమె నొక్కితే ఒకోసారి పలకదు, ఒకోసారి రెండుసార్లు పలుకుతుంది. పాట మధ్యలో ప్రకటన వస్తుంది. దాన్ని తీసేయబోయి దాని మీదే నొక్కేస్తారు. అంతలో ఎవరో ఫోను చేస్తారు. తగరపువలసలో మా చుట్టాలావిడకి పోలీసులమంటూ వీడియో కాల్ చేసి, ఇంట్లోంచి కదలకూడదని బెదిరించి, ఫిక్సెడ్ డిపాజిట్ ఖాళీ చేయించారు. "డిజిటల్ అరెస్టు" అంటారట దాన్ని. మన చట్టంలో అలాంటి అరెస్టే లేదు. ఎవరికైనా ఇలా జరిగితే ఆలస్యం చేయకుండా 1930 నంబరుకి ఫోను చేయాలి. ఎంత త్వరగా చేస్తే డబ్బు మధ్యలో ఆపే అవకాశం అంత ఎక్కువ. ఆ సంగతి విన్నాక అత్తయ్య ఫోను ముట్టుకోవడమే మానేశారు. రోజంతా గోడకేసి చూస్తూ కూర్చునేవారు. అది నాకు నచ్చలేదు.

ప్లేయరు తెచ్చిన రోజు దాన్ని తిప్పి తిప్పి చూసి, "ఇదేటమ్మా, పలకలాగుంది!" అన్నారు. అప్పట్నుంచి ఇంట్లో అది పలక టీవీ. మీటలు పైకి ఉబ్బి ఉన్నాయి కనుక తడిమితే వేలికి తెలుస్తాయి. ఆపే మీట మీద ఎర్ర నెయిల్ పాలిష్ చుక్క, నడిపే మీట మీద తెల్ల చుక్క పెట్టాను. మూడో రోజుకి నా అవసరం లేకపోయింది. "ఆగమంటే ఆగుతాది, ఎవరూ పిలవరు, అది బాగుంది" అన్నారు. 'మాయాబజార్' డీవీడీ ఒకటి ఉంది. ఎన్నిసార్లు చూశారో లెక్క లేదు.

కొనబోయే ముందు

విశాఖలో జగదాంబ, డాబాగార్డెన్స్ వైపు ఎలక్ట్రానిక్స్ దుకాణాలు తిరిగాను. చాలాచోట్ల లేదన్నారు, ఒకరిద్దరు నవ్వారు కూడా. చివరికి ఒకచోట దొరికింది, ఆరు వేలకు కాస్త తక్కువ పడింది. ఆన్‌లైన్‌లో రకాలు ఎక్కువే గానీ, ఈ వస్తువుని చేత్తో ముట్టుకుని, ఆడించి చూసి కొనడమే మేలని నా ఉద్దేశం. వెళ్లేటప్పుడు మీ ఇంటి సీడీలు రెండు, మీ వీడియోలున్న పెన్‌డ్రైవు ఒకటి చేతిసంచిలో వేసుకెళ్లండి. దుకాణం వాళ్లు తమ దగ్గరున్న తళతళలాడే బొమ్మే చూపిస్తారు. మీ పెళ్లి సీడీ ఆడుతుందా లేదా అన్నది మీకు కావాలి. మొహమాటపడితే ఆరు వేలూ మొహమాటానికే పోతాయి.

పెట్టె మీద "1080" అని పెద్దక్షరాలతో వేస్తారు. ఆ రకం ఫైలుని చదవగలదని దాని అర్థం, తెర అంత స్పష్టంగా ఉందని కాదు. 7 అంగుళాల చవక తెరల్లో అడ్డంగా 480, నిలువుగా 234 చుక్కలే ఉన్నవి కూడా ఉంటాయి. వాటిలో సినిమా పేర్లు చదవాలంటే కళ్లు చికిలించాలి. అడ్డంగా 800, నిలువుగా 480 ఉంటే పెద్దవాళ్ల కళ్లకి హాయి. అంగుళాలు కూడా కొలిచి చూసుకోండి. తెరని ఒక మూల నుంచి ఎదుటి మూలకి కొలవాలి, చుట్టూ ఉన్న ప్లాస్టిక్ చట్రాన్ని కాదు. 7 అంగుళాలంటే సుమారు 18 సెంటీమీటర్లు. కుట్టు మిషను టేపు ఎలాగూ మన సంచుల్లో ఉంటుంది కదా!

అమెరికాలో ఉన్న కొడుకో కోడలో తెచ్చిస్తామంటే ఒక సంగతి చెప్పండి. దుకాణాల్లో అమ్మే సినిమా డీవీడీలకు ప్రాంతాల వారీగా తాళం ఉంటుంది. అమెరికాది 1, మనది 5. అక్కడి ప్లేయరు ఇక్కడి సినిమా డీవీడీని వద్దనవచ్చు. వీసీడీలకు ఈ గొడవ లేదు. మన స్టూడియోల వాళ్లు రాసిచ్చిన పెళ్లి డీవీడీలకు కూడా మామూలుగా ఉండదు.

చార్జరు మీద, బ్యాటరీ మీద బీఐఎస్ గుర్తు కోసం వెతకండి. 2013 నుంచి ఇలాంటి ఎలక్ట్రానిక్ వస్తువులకు రిజిస్ట్రేషన్ తప్పనిసరి అయింది. ఆర్ అనే అక్షరం, పక్కన 8 అంకెలు ఉంటాయి. బీఐఎస్ కేర్ అనే ఆప్‌లో ఆ నంబరు కొడితే అది అసలుదో కాదో తెలుస్తుంది. దిగుమతి చేసిన వాళ్ల పేరు, చిరునామా అట్టపెట్టె మీద లేకపోతే ఆ సరుకు అక్కడే వదిలేయండి. పాడైతే ఎవర్ని అడుగుతాం? బిల్లు మాత్రం తప్పకుండా తీసుకోండి. తేడా వస్తే వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915 ఉంది.

ఇక పెన్‌డ్రైవు తిరకాసు. కంప్యూటర్లో చక్కగా ఆడినది ఇందులో ఆడదు. వస్తువు చెడిపోయిందనుకుని వెనక్కిచ్చేసే వాళ్లున్నారు. చెడిపోలేదు. ఈ చిన్న ప్లేయర్లు చాలావరకు ఫ్యాట్32 పద్ధతిలో సిద్ధం చేసిన పెన్‌డ్రైవునే చదువుతాయి. ఆ పద్ధతిలో ఒక్కో ఫైలు 4 జీబీ దాటకూడదు. పైగా కొత్త ఫోన్లలో కొన్ని వీడియోని హెచ్.265 అనే రకంలో దాస్తాయి. అది వీటికి కొరుకుడు పడదు. హ్యాండ్‌బ్రేక్ అనే ఉచిత సాఫ్ట్‌వేరుతో హెచ్.264 లోకి మార్చుకోవచ్చు. ప్లేయరుతో వచ్చిన పుస్తకంలో ఏ రకాలు చదువుతుందో రాసి ఉంటుంది, ముందు అది చూడండి. మా ఇంట్లో ఈ పని ఇంటర్ చదివే మా అబ్బాయిది. వాడికి పకోడీల కూలి.

అసలు నిధి పెట్టెలో ఉంది

మాది భీమిలి. పిల్లగాలి వీచినా అందులో ఉప్పుంటుంది. కిటికీ ఊచలు, కుట్టు మిషను, తలుపు గెడ, దేన్నీ వదలదు. ట్రంకు పెట్టె లోపలికి కూడా ఆ తేమ వెళుతుంది. మా ఆడపడుచు పెళ్లి 1994లో అయింది. రెండు వీహెచ్ఎస్ కేసెట్లు. ఒకనాడు తీసి చూస్తే టేపు చుట్ట అంచున తెల్లటి పొడిలాగా బూజు. అలా బూజు పట్టిన కేసెట్టుని వీసీఆర్‌లో పెట్టకూడదు. టేపు పోతుంది, యంత్రం తల కూడా పాడవుతుంది, ఆ వెనక పెట్టిన మంచి కేసెట్టుకీ అంటుకుంటుంది. తెలిసినవాళ్ల చేత శుభ్రం చేయించాకే ఆడించాలి. ఆ ఆడించే యంత్రాలకే ఇప్పుడు కరువు. వీసీఆర్లు తయారు చేస్తూ వచ్చిన చివరి కంపెనీ, జపాన్‌లోని ఫునాయ్, 2016 జులైలో ఆ పని ఆపేసింది. ఇప్పుడున్నవన్నీ పాతవే, రిపేర్ల మీద నడుస్తున్నవే.

మా అదృష్టం, ఆ పెళ్లి వీడియోని మా వారు 2009లోనే విశాఖలో డీవీడీకి ఎక్కించారు. కానీ డీవీడీ కూడా శాశ్వతం కాదు. దుకాణంలో కొన్న సినిమా డీవీడీ అచ్చు వేసినది. స్టూడియో వాళ్లు మనకు రాసిచ్చేది రంగు పూత మీద లేజరుతో కాల్చినది. ఆ పూత వేడికి, వెలుతురుకి, తేమకి క్రమంగా పాడవుతుంది. కిందటేడు పలక టీవీలో వేస్తే భోజనాల ఘట్టం దగ్గర బొమ్మ చదరాలు చదరాలుగా విడిపోయి ఆగిపోయింది.

ఆ ఘట్టమే అత్తయ్యకి కావాలి. మా మామయ్యగారు 2006లో పోయారు. ఆయన ఫొటోలు గోడ నిండా ఉన్నాయి. ఆయన నడక, గొంతు మాత్రం ఈ ఒక్క వీడియోలోనే ఉన్నాయి. బంతి మధ్యలో కండువా భుజాన వేసుకుని నడుస్తూ, "ఒరే, కూర ఇటు రానీండిరా" అని కేకేస్తారు. అంతా కలిపి ఆరు సెకన్లు ఉంటుందేమో. అత్తయ్య వెనక్కి తిప్పి తిప్పి చూస్తారు. ఒకసారి నాతో, "గొంతు మరిసిపోతానేమోనని బయ్యం" అన్నారు. ఏం చెప్పాలో తెలియక మంచినీళ్లు తెచ్చిచ్చాను.

ఆ డీవీడీని శుభ్రం చేసి, అరువు తెచ్చిన డీవీడీ డ్రైవుని మా అబ్బాయి ల్యాప్‌టాప్‌కి తగిలిస్తే రెండో ప్రయత్నంలో మొత్తం కాపీ అయింది. చేసే పద్ధతి కష్టమేమీ కాదు. మెత్తటి నూలు గుడ్డతో మధ్య నుంచి అంచుకి తిన్నగా తుడవాలి. గుండ్రంగా తుడవకూడదు. డీవీడీ అయితే లోపల వీడియో_టీఎస్ అనే ఫోల్డరు ఉంటుంది, దాన్ని మొత్తం కాపీ చేసుకోవాలి. వీసీడీ అయితే ఎంపెగ్ఏవీ అనే ఫోల్డర్లో డాట్ ఫైళ్లు ఉంటాయి, అవే వీడియో. రెండింటినీ వీఎల్‌సీ అనే ఉచిత సాఫ్ట్‌వేరు ఆడిస్తుంది. తరవాత ఒకటి పెన్‌డ్రైవులో, ఒకటి హార్డ్ డిస్కులో, ఇంకోటి వేరే ఊళ్లో ఉన్న మనిషి దగ్గర దాచండి. మాది హైదరాబాద్‌లో ఆడపడుచు దగ్గర ఉంది.

ఇలా దాచుకోవడం మన ఇంటి వీడియోలకే. కొత్త సినిమాలు కార్డులో నింపి ఇస్తామనే వాళ్లు ఒకప్పుడు ప్రతి బజారులోనూ ఉండేవారు. అది దొంగ సరుకు, దానితో వైరస్‌లు కూడా వస్తాయి.

పిల్లలకి దీన్ని అలవాటు చేయడం గురించి అడుగుతారేమో. చేయకండి. వాళ్లకున్న తెరలు చాలు. కానీ 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ వచ్చినప్పుడు ఈ ఊళ్లో రోజుల తరబడి కరెంటు లేదు. పక్కింటివాళ్ల దగ్గర ఇలాంటి ప్లేయరు ఉండేది. కారులోంచి చార్జి చేసి సాయంత్రాలు వీధిలో పిల్లలందరికీ బొమ్మల సినిమా వేశారు. ఏడుపులు ఆగాయి. తుపాను కబురు మాత్రం దీనిలో రాదు, అందుకు బ్యాటరీ రేడియో విడిగా ఉండాల్సిందే.

వాడకంలో రెండు మూడు సంగతులు. సీడీ తిరిగితే బ్యాటరీ త్వరగా అయిపోతుంది, అదే బొమ్మ పెన్‌డ్రైవు నుంచి చూస్తే ఎక్కువసేపు వస్తుంది. పిన్ను దూరింది కదా అని వేరే చార్జరు పెట్టకండి. ఒకటి 9 వోల్టులది, ఒకటి 12 వోల్టులది ఉంటుంది. పిన్ను లోపల ప్లస్, మైనస్ తారుమారుగా ఉన్నవీ ఉంటాయి. పరుపు మీద పెట్టి చార్జింగు వద్దు, వేడి బయటికి పోదు. ఇయర్‌ఫోన్‌లో శబ్దం తగ్గించి పెట్టండి, వినపడక పెంచుతున్నారంటే చెవుల డాక్టరుకి చూపించాల్సిన సమయం వచ్చిందన్నమాట. మాలాగా సముద్రం పక్కన ఉండేవాళ్లు వాడకం అయ్యాక మూత మూసి, పొడి గుడ్డలో చుట్టి, చెప్పుల పెట్టెల్లో వచ్చే సిలికా జెల్ పొట్లాలు రెండు పక్కన పెడితే మంచిది. కొన్ని నెలలు వాడనప్పుడు బ్యాటరీని సగం చార్జితో ఉంచాలి, పూర్తిగా ఖాళీ చేసి పెడితే చచ్చిపోతుంది.

వెనక మూత ఉబ్బినట్టు కనిపిస్తే మాత్రం ఇక చార్జింగు పెట్టొద్దు, నొక్కొద్దు, పొడవొద్దు. చెత్తబండిలో కూడా వేయకండి, నలిగితే అంటుకుంటుంది. ఎలక్ట్రానిక్ చెత్త తీసుకునే చోట ఇచ్చేయండి. మా పలకకి ఇంకా ఆ గతి పట్టలేదు. బ్యాటరీ మొదట్లో మూడు గంటలు వచ్చేది, ఇప్పుడు రెండుకి దిగింది. అత్తయ్య లెక్క వేరు. "రెండు కతలకి సరిపోతాది" అంటున్నారు.