లోన్ తీసుకోకపోయినా సిబిల్ చూసుకోవాల్సిందే

మదనపల్లె: ‘మాకు లోన్లూ లేవు, క్రెడిట్ కార్డులూ లేవు. సిబిల్‌తో మాకేం పని?’ మదనపల్లె, పుంగనూరు, కుప్పం ప్రాంతాల్లో వడ్డీకి దూరంగా ఉండే చాలా ముస్లిం కుటుంబాలు అనుకునేది ఇదే. నిజానికి మోసం ఎక్కువ కాలం దాగేది వీళ్ల దగ్గరే. లోన్ ఉన్నవాళ్లు ఎప్పుడో ఒకసారి తమ రికార్డు చూసుకుంటారు. లోన్ జోలికే పోనివాళ్లు చూసుకోరు. వాళ్ల ఆధార్, పాన్‌లతో ఇంకెవరో అప్పు తీసి ఎగ్గొడితే, ఆ సంగతి రికవరీ ఏజెంటు ఫోన్ చేసినప్పుడో, కొడుకు చదువు లోన్‌కు జామీను సంతకం పెట్టబోయినప్పుడో తెలుస్తుంది.

మన కాగితాలు ఎక్కడెక్కడ ఉన్నాయి?

ఒక్కసారి లెక్కేసుకుంటే భయమేస్తుంది. సిమ్ కొన్న దుకాణంలో, జిరాక్స్ షాపు వాట్సాప్‌లో, గ్రూపు లోన్ ఏజెంటు ఫోన్‌లో, కువైట్ వీసా కోసం ఇచ్చిన ఫైల్లో, కుప్పం నుంచి బెంగళూరుకు పనికి వెళ్లినవాళ్లు అక్కడి ఇంటి ఓనరుకు ఇచ్చిన కాపీల్లో.. అన్నిచోట్లా మన ఆధార్ ఉంది.

కాగితాలే కాదు, వేలిముద్రలకూ రక్షణ లేకుండా పోయింది. భూముల రిజిస్ట్రేషన్ పత్రాల్లోని వేలిముద్రలకు నకళ్లు తయారుచేసి వేల సిమ్ కార్డులు యాక్టివేట్ చేశాడన్న కేసులో 2018లో తెలంగాణలోని పెద్దపల్లి జిల్లాకు చెందిన ఒక సిమ్‌ల వ్యాపారిని పోలీసులు అరెస్టు చేశారు. ఆ తర్వాత ఇలాంటి నకలు ముద్రలతోనే, ఓటీపీ అవసరం లేని ఆధార్ చెల్లింపుల విధానం ద్వారా ఖాతాల్లోంచి డబ్బు లాగేసిన ఘటనలు రెండు రాష్ట్రాల్లోనూ బయటపడ్డాయి.

ఇంట్లో కూర్చునే చేసుకోగల పనులు

యూఐడీఏఐ యాప్‌లో గానీ, వెబ్‌సైట్‌లో గానీ బయోమెట్రిక్ లాక్ వేసుకోవచ్చు. లాక్ ఉన్నంతసేపు మన వేలిముద్ర ఎక్కడా పనిచేయదు. రేషన్‌కో, పెన్షన్‌కో వెళ్లేటప్పుడు కాసేపు తీసి, మళ్లీ వేసుకుంటే చాలు. సందేహాలుంటే 1947కు ఫోన్ చేయొచ్చు.

పూర్తి నంబరు అవసరం లేనిచోట మాస్క్‌డ్ ఆధార్ ఇవ్వాలి. అందులో చివరి నాలుగు అంకెలే కనిపిస్తాయి. జిరాక్స్ ఇస్తే దాని మీద తేదీ, ఎవరికి ఇస్తున్నాం, ఏ పనికి అని అడ్డంగా రాసి సంతకం చేయాలి.

మన పేరు మీద ఎన్ని సిమ్‌లు ఉన్నాయో కేంద్రం నడిపే ‘సంచార్ సాథీ’లో చూడొచ్చు. ఈ సౌకర్యం 2021లో మొదట మొదలైంది ఆంధ్రప్రదేశ్, తెలంగాణలలోనే. మనది కాని నంబరు కనిపిస్తే అక్కడే ఫిర్యాదు చేయొచ్చు.

గల్ఫ్ వెళ్లేవాళ్లకు ఇంకో మాట. ఇక్కడి సిమ్‌ను నెలల తరబడి వాడకుండా వదిలేస్తే ఆ నంబరు రద్దయి వేరేవాళ్ల చేతికి పోతుంది. బ్యాంకు ఓటీపీలూ వాళ్లకే పోతాయి. సిమ్‌ను బతికించుకోవాలి, లేదా ముందుగా బ్యాంకులో, ఆధార్‌లో నంబరు మార్చుకోవాలి.

రిపోర్టు ఉచితం, అది మన హక్కు

2005 నాటి చట్టం కింద దేశంలో నాలుగు క్రెడిట్ సమాచార కంపెనీలు పనిచేస్తున్నాయి: ట్రాన్స్‌యూనియన్ సిబిల్, ఎక్స్‌పీరియన్, ఈక్విఫాక్స్, క్రిఫ్ హైమార్క్. ఆర్బీఐ ఆదేశం ప్రకారం ఒక్కో కంపెనీ ఏడాదికి ఒకసారి పూర్తి రిపోర్టు ఉచితంగా ఇవ్వాలి. మూడు నెలలకొక కంపెనీ రిపోర్టు తీసుకుంటే, పైసా ఖర్చు లేకుండా ఏడాదంతా కాపలా కాసినట్టే.

రిపోర్టులో స్కోరు కంటే ముందు చూడాల్సినవి నాలుగు: మనది కాని లోన్, మనం అడగని లోన్ ఎంక్వైరీ, మనది కాని ఫోన్ నంబరు, ఎప్పుడూ ఉండని అడ్రసు.

మన కుటుంబాల్లో ఇంకో చిక్కు ఉంది. ఒకే వీధిలో ఒకే పేరున్న షేక్‌లు ఇద్దరు ముగ్గురు ఉంటారు. ఆధార్‌లో ‘షేక్’, పాన్‌లో ‘ఎస్.కె.’, పాసుపుస్తకంలో ఒట్టి ‘ఎస్’. ఇలా ఉన్నప్పుడు ఒకరి అప్పు ఇంకొకరి రికార్డులో కలిసే ప్రమాదం ఉంది. అన్ని కార్డుల్లో పేరు స్పెల్లింగ్, పుట్టిన తేదీ ఒకేలా ఉండేట్టు సరిచేయించుకోవడం మంచిది.

తప్పు కనిపిస్తే..

క్రెడిట్ కంపెనీ వెబ్‌సైట్‌లోనూ, లోన్ ఇచ్చినట్టు చూపిస్తున్న బ్యాంకుకూ ఫిర్యాదు రాతపూర్వకంగా ఇవ్వాలి. దీనికి ఫీజు లేదు. 30 రోజుల్లో పరిష్కరించకపోతే, ఆలస్యమైన ప్రతి రోజుకూ రూ.100 పరిహారం ఫిర్యాదుదారుకు ఇవ్వాలి. 2024 ఏప్రిల్ 26 నుంచి ఈ నిబంధన అమల్లో ఉంది. బ్యాంకు 30 రోజుల్లో జవాబివ్వకపోయినా, జవాబు సంతృప్తిగా లేకపోయినా ఆర్బీఐ అంబుడ్స్‌మన్‌కు వెళ్లొచ్చు. హెల్ప్‌లైన్ 14448. వకీలు అక్కర్లేదు, ఫీజూ లేదు.

‘డబ్బిస్తే సిబిల్ క్లీన్ చేస్తాం’ అనేవాళ్లను నమ్మొద్దు. తప్పు ఉంటే ఉచితంగానే సరిచేస్తారు. నిజమైన బాకీని డబ్బు తీసుకుని ఎవరూ చెరిపేయలేరు.

పరువు పోతుందని కట్టేయొద్దు

మోసగాళ్లకు బలం మన మొహమాటమే. ఏజెంటు ఇంటికొస్తే నలుగురూ ఏమనుకుంటారోనని, తీసుకోని అప్పును గుట్టుగా కట్టేసేవాళ్లు ఉంటారు. కడితే అది తమ బాకీయేనని ఒప్పుకున్నట్టు అవతలివాళ్లు వాదిస్తారు. లోన్ అగ్రిమెంటు, డబ్బు జమైన ఖాతా నంబరు అడగాలి. రికవరీ ఏజెంట్లు ఉదయం 8కి ముందు, రాత్రి 7 దాటాక ఫోన్ చేయకూడదు. బంధువులను వేధించకూడదు. లోన్ యాప్ మన ఫోన్‌లోని కాంటాక్టులు, ఫొటోలు తీసుకోకూడదు.

ఖాతాలోంచి డబ్బే పోతే వెంటనే 1930కు ఫోన్ చేసి, బ్యాంకుకూ చెప్పాలి. మన తప్పూ బ్యాంకు తప్పూ లేని మోసమైతే, మెసేజ్ వచ్చిన మూడు పనిదినాల్లోపు చెబితే మనకు నష్టం ఉండదని 2017 జూలై 6 నాటి ఆర్బీఐ ఉత్తర్వు చెప్పింది. ఓటీపీ మనమే చెప్పేసి ఉంటే, బ్యాంకుకు తెలిపేదాకా పోయింది మన నెత్తినే. తెలిపిన తర్వాత పోయేది బ్యాంకు భరించాలి. అందుకే ప్రతి గంటా విలువైనదే.

ఇంట్లో కాలేజీకి వెళ్లే పిల్లలుంటే ఈ ఆదివారమే అమ్మీ, అబ్బా, దాదీల ఆధార్‌కు లాక్ వేసి, ఒక రిపోర్టు తీసి చూడొచ్చు. 1930, 14448, 1947 నంబర్లను ఇంట్లో అందరి ఫోన్లలో సేవ్ చేసి పెట్టాలి.