ఐదు కిలోలకు ఒక సెంటీమీటరు

తాండూరు నుంచి కరణ్‌కోట వైపు వెళ్తే నేల పొరలు పొరలుగా కనిపిస్తుంది. సిమెంట్ కార్పొరేషన్ ఆఫ్ ఇండియా కర్మాగారానికి సున్నపురాయి ఇచ్చేదీ, ఇళ్లలో పరిచే తాండూరు నాపరాళ్లను ఇచ్చేదీ ఈ పొరలే. భూగర్భ శాస్త్రవేత్తలు భీమా సముదాయం అని పిలిచే ఈ రాయి కోట్ల ఏళ్ల కిందట లోతులేని సముద్రం అడుగున సన్నటి బురదగా పేరుకుని గట్టిపడింది. అందుకే అడ్డంగా, చదునుగా చీలుతుంది. తవ్విన చోటల్లా రాయి మెట్లు మెట్లుగా మిగిలిపోతుంది. ఒక మెట్టు మోకాలెత్తు ఉంటే, దాని పక్కది నడుమెత్తు ఉంటుంది.

సరిగ్గా ఇలాంటి మెట్ల మీద ఆడే మోటార్‌సైకిల్ క్రీడ ఒకటుంది. పేరు ట్రయల్స్. ఇందులో వేగానికి విలువ లేదు. రాళ్లు, వాగులు, నిట్టనిలువు గట్లు ఉన్న చిన్న దారిని ‘సెక్షన్’గా గుర్తిస్తారు. కాలు కింద పెట్టకుండా దాన్ని దాటాలి. ఒకసారి కాలు పెడితే ఒక పాయింటు, రెండుసార్లు పెడితే రెండు, అంతకు మించితే మూడు శిక్షగా పడతాయి. పడిపోయినా, హద్దు దాటినా ఐదు. చివరికి ఎవరి ఖాతాలో తక్కువ పాయింట్లు ఉంటే వాళ్లే గెలిచినట్టు. ఈ ఆటలోకి కొత్తగా వచ్చినవాళ్లందరినీ మొదట పట్టుకునే సందేహం ఒకటే: బండి ఎంత తేలిగ్గా ఉండాలి?

ముందు బరువులు చూద్దాం. వికారాబాద్ జిల్లాలో ఏ ఊరికెళ్లినా కనిపించే స్ప్లెండర్ సుమారు 112 కిలోలు. మట్టిదారుల కోసం చేసిన ఎక్స్‌పల్స్ 160 కిలోల చుట్టుపక్కల ఉంటుంది. బుల్లెట్ 190 కిలోలకు కాస్త అటూ ఇటూ. ఇవాళ్టి ట్రయల్స్ బండి 70 కిలోల దగ్గర తూగుతుంది. అంటే స్ప్లెండర్‌కూ దానికీ తేడా దాదాపు ఒక సిమెంటు బస్తా. ఈ బండికి సీటు ఉండదు, ఎందుకంటే రైడర్ కూర్చోడు. పెట్రోలు ట్యాంకులో పట్టేది రెండున్నర, మూడు లీటర్లే.

బరువు తగ్గితే ఎక్కడం తేలికవుతుందని ఎవరైనా అంటారు. మరి లెక్క ఏమంటుంది? 65 కిలోల మనిషి 70 కిలోల బండితో మీటరు ఎత్తున్న మెట్టు ఎక్కాలంటే కావలసిన శక్తి 1,320 జౌళ్ల చిల్లర. ఆ పని అర సెకనులో జరగాలంటే మూడున్నర హార్స్‌పవర్ చాలు. అదే మనిషి స్ప్లెండర్ మీద ఉంటే ఐదు హార్స్‌పవర్ కూడా అక్కర్లేదు, ఆ ఇంజిన్ దాదాపు ఎనిమిది ఇస్తుంది. బుల్లెట్‌కు ఏడు లోపే, దాని దగ్గర 20 వరకూ ఉన్నాయి. కాగితం మీద అన్నీ ఎక్కుతాయి. క్వారీ మెట్టు మీద మాత్రం స్ప్లెండర్ ముందు చక్రం గోడకు కొట్టుకుని ఆగిపోతుంది. కాబట్టి చిక్కు ఇంజిన్ బలంలో లేదు, మనిషి దగ్గర ఉంది.

ట్రయల్స్ రైడర్ బండి మీద ప్రయాణికుడు కాడు, యంత్రంలో కదిలే భాగాల్లో అన్నిటికంటే పెద్ద భాగం అతనే. మెట్టు ముందు అతను కిందికి కుంగి స్ప్రింగులను నొక్కుతాడు. అవి తిరిగి లేచే క్షణంలో కాళ్లతో పైకి తన్నుతూ క్లచ్ వదులుతాడు. బండీ మనిషీ కలిసి గాల్లోకి లేచాక ఒక భౌతిక సూత్రం పనిచేస్తుంది. గాల్లో ఉన్నంతసేపు ఇద్దరి ఉమ్మడి గరిమనాభి తన దారిన తాను పోతుంది, దాన్ని ఎవరూ మార్చలేరు. అయితే దాని చుట్టూ ఎవరు పైకి, ఎవరు కిందికి అన్నది మార్చుకోవచ్చు. రైడర్ మోకాళ్లు ముడిచి బండిని తనవైపు లాక్కుంటే బండి పైకి వస్తుంది, ఆ మేరకు అతను కిందికి దిగుతాడు. ఎవరి వాటా ఎంత అన్నది బరువుల నిష్పత్తిని బట్టి ఉంటుంది.

65 కిలోల రైడర్ తనకూ బండికీ మధ్య దూరాన్ని అర మీటరు తగ్గించాడనుకుందాం. 70 కిలోల ట్రయల్స్ బండి అయితే 24 సెంటీమీటర్లు పైకి వస్తుంది. స్ప్లెండర్ 18 సెంటీమీటర్ల దగ్గర ఆగుతుంది. బుల్లెట్ 13 మాత్రమే లేస్తుంది, మిగిలిన 37 సెంటీమీటర్లూ మనిషే కిందికి దిగిపోతాడు. బుల్లెట్ మీద నిలబడి బండిని ఎగరేయాలని చూసినవాళ్లకు తామే బండిలోకి కుంగిపోయినట్టు అనిపించడానికి కారణం ఇదే. అది వాళ్ల చేతకానితనం కాదు, బరువుల పంపకం.

ఇక అసలు ప్రశ్న. మంచి ట్రయల్స్ బండి నుంచి మరో ఐదు కిలోలు తీసేస్తే? 70 కాస్తా 65 అవుతుంది, లేచే ఎత్తు 24 నుంచి 25 అవుతుంది. ఐదు కిలోలకు ఒక సెంటీమీటరు. ఇంకో వింత చూడండి: బండిని అలాగే ఉంచి రైడర్ ఐదు కిలోలు పెరిగినా నిష్పత్తి అంతే వస్తుంది, లేచే ఎత్తూ అదే 25. అయితే ఆ ఐదు కిలోలూ కాలి కండగా పెరగాలి. పొట్టగా పెరిగితే పైకి తన్నే బలం పెరగదు, మోయవలసిన బరువు మాత్రం పెరుగుతుంది. ప్రపంచ స్థాయిలో ఆ ఒక్క సెంటీమీటరు మెట్టు అంచును తాకడానికీ దాటడానికీ మధ్య తేడా కావచ్చు. కొత్తగా నేర్చుకునేవాడి గెంతు ఒకసారి కంటే మరోసారి పది సెంటీమీటర్లు అటూ ఇటూ అవుతూనే ఉంటుంది. అలాంటివాడు టైటానియం బోల్టుల కోసం డబ్బు పోయడం వృథా. అదే డబ్బు పెట్రోలుకు పెట్టి రోజూ సాధన చేస్తే ఆ పది సెంటీమీటర్లూ అదుపులోకి వస్తాయి.

అలాగని అన్ని కిలోలూ ఒకటి కావు. ముందు చక్రాన్ని లేపేటప్పుడు బండి వెనక ఇరుసు చుట్టూ తిరుగుతుంది. ట్రయల్స్ బండి చక్రాల మధ్య దూరం సుమారు 1.3 మీటర్లు. తిరగడాన్ని అడ్డుకునే జడత్వం దూరం వర్గంతో పెరుగుతుంది కాబట్టి, ముందు ఇరుసు దగ్గరున్న కిలో బండి నడిమధ్య ఉన్న కిలోకు నాలుగు రెట్ల మొండితనం చూపిస్తుంది. వెనక ఇరుసు దగ్గర అదే కిలో ఈ పనికి ఏ మాత్రం అడ్డు రాదు. చక్రం అంచున ఉన్న బరువుకు మరో లెక్క కూడా ఉంది. అది ముందుకు కదలడమే కాదు, గిరగిరా తిరగాలి కూడా. కాబట్టి వేగం పెంచేటప్పుడు టైరులోని కిలో రెండు కిలోల పని అడుగుతుంది. ట్రయల్స్ బండ్లు చేసేవాళ్లు ముందు రిమ్ము, ఫోర్కు, బ్రేకు డిస్కుల దగ్గర గ్రాముల లెక్కన తగ్గించడానికి కారణం ఇదే. స్ప్లెండర్‌లో నిండు ట్యాంకు పెట్రోలే ఏడు కిలోలు ఉంటుంది, పైగా అది ఎత్తున కూర్చుంటుంది. ట్యాంకులో లీటరు మాత్రమే ఉంచి మట్టిదారి పడితే బండి స్వభావం మారినట్టు తెలుస్తుంది. దీనికి ఖర్చేమీ లేదు.

బరువుంటే పట్టు ఎక్కువని మరో నమ్మకం. వాలు మీద చక్రం జారకుండా ఉండాలంటే కావలసిన ఘర్షణ బరువుతో పెరుగుతుంది, దొరికే ఘర్షణా బరువుతోనే పెరుగుతుంది. రెండూ కొట్టుకుపోయి, మిగిలేవి వాలు కోణమూ టైరుకూ రాతికీ మధ్య ఘర్షణ గుణకమూ. 35 డిగ్రీల వాలుకు ఆ గుణకం 0.7 ఉండాలి. బండి 70 కిలోలైనా 190 కిలోలైనా మాట ఇదే. మార్చగలిగింది టైరు. ట్రయల్స్‌లో వెనక టైరులో నాలుగైదు పీఎస్ఐ గాలే ఉంచుతారు, రోడ్డు బండికి పెట్టే దానిలో అది ఐదో వంతు కూడా ఉండదు. మెత్తటి టైరు రాతి అంచును కౌగిలించుకుంటుంది. తడిసిన సున్నపురాతి పొడి ఉన్న చోట మాత్రం ఆ గుణకం పడిపోతుంది, అక్కడ ఎంత తేలిక బండైనా చేసేదేమీ లేదు.

చరిత్రలో బరువు నిజంగా కథ మార్చిన సందర్భం ఒకటుంది. స్కాట్లండ్‌లో 1909లో ఐదు రోజుల పోటీగా మొదలై, 1911 నుంచి ఆరు రోజులు సాగుతున్న స్కాటిష్ సిక్స్ డేస్ ట్రయల్ ఈ క్రీడకు పుట్టిల్లు. అక్కడ చాలాకాలం 350, 500 సీసీల బ్రిటిష్ బండ్లదే రాజ్యం. మన రోడ్లకు బాగా తెలిసిన రాయల్ ఎన్‌ఫీల్డ్ బుల్లెట్ వంశం కూడా అక్కడ గెలిచింది. జానీ బ్రిటన్ 1952లో, 1957లో ఎన్‌ఫీల్డ్ మీదే ఆ పోటీ నెగ్గాడు. ఉత్తర ఐర్లాండ్‌కు చెందిన శామీ మిల్లర్ తన 500 సీసీ ఏరియల్‌ను ఏళ్ల తరబడి చెక్కి చెక్కి 110 కిలోల దగ్గరకు తెచ్చాడు. 1964 చివర్లో అతను స్పెయిన్ కంపెనీ బుల్టాకోకు మారాడు. అక్కడ తయారైన రెండు స్ట్రోకుల షెర్పా 90 కిలోల చిల్లర. 1965లో మిల్లర్ దాని మీద స్కాటిష్ గెలిచాడు. కొద్ది ఏళ్లలోనే పెద్ద నాలుగు స్ట్రోకుల బండ్లు ట్రయల్స్ నుంచి తప్పుకున్నాయి. ఒక్కసారిగా 20 కిలోలు తగ్గడమంటే ఆటే మారిపోవడం. 70లో ఒక కిలో తగ్గడం వేరే సంగతి.

మన ఊళ్లలో సామాన్లు మోసే టీవీఎస్ ఎక్స్ఎల్ బరువు కూడా ఆ షెర్పాకు దగ్గరగానే, 90 కిలోల లోపే ఉంటుంది. కానీ షెర్పా ఇంజిన్ 244 సీసీ, ఎక్స్ఎల్‌ది వంద సీసీ. షెర్పాకు పెద్ద చక్రాలు, చేతితో నొక్కే క్లచ్, రాళ్లకు అందనంత ఎత్తున్న అడుగుభాగం ఉన్నాయి, ఎక్స్ఎల్‌కు లేవు. బరువు ఒక్కటే అన్నీ తేల్చదనడానికి ఈ రెండు బండ్లను పక్కపక్కన నిలబెడితే చాలు.

బరువు కావాలని కలిపే చోటు కూడా ట్రయల్స్‌లో ఉంది. ఇంజిన్‌లో తిరిగే ఫ్లైవీల్‌కు కొందరు రైడర్లు అదనపు ఇనుము బిగిస్తారు. బరువైన ఫ్లైవీల్ ఉంటే అతి తక్కువ వేగంలో ఇంజిన్ ఆగిపోదు. జారుడు రాతి మీద బలం కుదుపులేకుండా చక్రానికి చేరుతుంది. మెట్టు ముందు క్లచ్ పట్టి ఇంజిన్‌ను పెంచితే అందులో శక్తి నిల్వ అవుతుంది, క్లచ్ వదలగానే అంతా ఒక్కసారి బయటికొస్తుంది. ఎలక్ట్రిక్ ట్రయల్స్ బండ్లకు క్లచ్ అవసరమే లేదని మొదట అనిపించింది. ఇప్పుడు కొన్ని కంపెనీలు ఎలక్ట్రిక్ బండికీ క్లచ్ పెడుతున్నాయి, రైడర్లకు ఆ నిల్వ దెబ్బ కావాలి కాబట్టి.

స్పెయిన్ రైడర్ టోనీ బౌ 2007 నుంచి 2024 దాకా ఒక్క ఏడూ వదలకుండా ఇండోర్, అవుట్‌డోర్ ప్రపంచ టైటిళ్లు రెండూ గెలిచాడు, మొత్తం 36. అతనిది మోంటెసా నాలుగు స్ట్రోకుల బండి. బజారులో అమ్మే మోంటెసా కోటా 4ఆర్‌టీ, రెండు స్ట్రోకుల పోటీ బండ్ల కంటే కొన్ని కిలోలు ఎక్కువే తూగుతూ వచ్చింది. ఫ్యాక్టరీ జట్టు బండిని ప్రత్యేకంగా తేలిక చేస్తారు, నిజమే. అయినా అత్యంత తేలికైన బండే గెలుస్తుందన్న సూత్రం నిజమైతే 18 ఏళ్లలో ఒక్కసారైనా వేరొకరి పేరు రావాలి కదా.

మన దగ్గరికి వస్తే, రాయల్ ఎన్‌ఫీల్డ్ 2019లో బుల్లెట్ ట్రయల్స్ పేరుతో 350, 500 సీసీల్లో రెండు బండ్లు తెచ్చింది. పైకెత్తిన సైలెన్సర్, ఒంటి సీటు, గళ్ల టైర్లు ఉన్న ఆ బండ్లు ఎక్కువ కాలం అమ్మకాల్లో నిలవలేదు. అవి జానీ బ్రిటన్ రోజులకు నివాళి, పోటీ బండ్లు కావు. అనంతగిరి గుట్టల ఎర్రమట్టి దారుల్లో హాయిగా తిరుగుతాయి, నాపరాతి మెట్టు ఎక్కడానికి మాత్రం పైన చెప్పిన 13 సెంటీమీటర్ల లెక్క అడ్డొస్తుంది. అసలైన ట్రయల్స్ బండి కావాలంటే విదేశాల నుంచి సుంకం కట్టి తెప్పించుకోవాలి. ఉన్న బండిని విప్పి తేలిక చేద్దామంటే, కంపెనీ ఇచ్చిన రూపాన్ని మార్చడాన్ని మోటారు వాహనాల చట్టంలోని 52వ సెక్షన్ నిషేధిస్తోంది. అలా విప్పిన బండిని రోడ్డెక్కించకూడదు. పనిలో ఉన్న గనిలోకి అనుమతి లేకుండా పోకూడదు. వదిలేసిన గుంతలు మరీ ప్రమాదం: నీళ్లు ఎంత లోతున్నాయో, అంచు ఎక్కడ బోలుగా ఉందో పైనుంచి తెలియదు.

ఈ చిక్కులేవీ లేని దారి సైకిల్ ట్రయల్స్. మోంటెసాలో పనిచేసిన పెరే పీ తన కొడుకు ఓట్ కోసం చిన్న సైకిలు చేయించడంతో 1970లలో స్పెయిన్‌లో ఇది ఊపందుకుంది. 1986 నుంచి అంతర్జాతీయ సైక్లింగ్ సమాఖ్య ప్రపంచ పోటీలు నడుపుతోంది. ఈ సైకిళ్లు 8 నుంచి 10 కిలోలు ఉంటాయి, వీటికీ సీటు ఉండదు. తొమ్మిది కిలోల సైకిలును 65 కిలోల మనిషి అర మీటరు లాక్కుంటే అది 44 సెంటీమీటర్లు లేస్తుంది. మోటార్ బండి లేచేదానికి ఇది దాదాపు రెట్టింపు. ఇక్కడ ఇంజిన్ లేదు, ప్రతి జౌలూ కాళ్ల నుంచే రావాలి. కాబట్టి కిలో విలువ కూడా ఎక్కువ: ఒక కిలో తగ్గితే ఆరు మిల్లీమీటర్లు కలిసొస్తాయి. కిలోకు ఇంత అని చూస్తే మోటార్ బండి కంటే మూడు రెట్లు. ట్రయల్స్‌లో బరువు కోసం డబ్బు పెట్టాలనుకునే వికారాబాద్, తాండూరు కుర్రాళ్లు పెట్టాల్సింది ఇక్కడ, అదీ ముందు చక్రం నుంచి మొదలుపెట్టి.